చురుకైన పిల్లలు, సర్కారు బడి: అపోహలు - వాస్తవాలు

జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. స్టాఫ్‌రూంలోనూ, తల్లిదండ్రుల మీటింగుల్లోనూ పదే పదే వినబడే కొన్ని మాటల గురించి ఇది.

అపోహ: క్లాసు ఫస్టు వచ్చేవాళ్లే ప్రతిభావంతులు.

ఏడో తరగతిలో ఓ పాప ఉండేది. నోట్సు సగమే రాసేది. బడిలో పెట్టే మొదటి చిన్న పరీక్ష ఎఫ్‌ఏ-1లో 20కి 9 మార్కులు. ఒకరోజు బోర్డు మీద బేసిసంఖ్యలు కూడిస్తున్నా. 1+3 అంటే 4, 1+3+5 అంటే 9. తను వెనక బెంచీలో చింతగింజలు పేరుస్తోంది. ఆడుకుంటోందని కేకలేయబోయి ఆగాను. ముందు ఒక గింజ. దానికి పక్కన, కింద, మూలన కలిపి మూడు. వాటిని అంచు కట్టినట్టు మళ్లీ ఐదు. "ఎంత పేర్చినా చదరమే వస్తోంది సార్" అంది. ఎనిమిదో తరగతి వర్గసంఖ్యల పాఠం అది. మార్కుల రిజిస్టరు పట్టుకుని వెతికితే ఆ పిల్ల నాకు ఎన్నటికీ దొరికేది కాదు.

అపోహ: తెలివుంటే ఎక్కడున్నా పైకొస్తారు.

పత్తి ఏరే రోజుల్లో మా హాజరు పట్టీ ఒక్కసారి చూడండి.

అపోహ: ముందే చేసేసినవాళ్లకు ఇంకో పది లెక్కలిస్తే సరి.

అలా ఇస్తే నాలుగు రోజుల్లో నెమ్మదిగా చేయడం అలవాటు చేసుకుంటారు. ఆ పాపకు నేనిచ్చింది ఒక్కటే: సరిసంఖ్యలు పేర్చి చూడమన్నాను. మర్నాడు దీర్ఘచతురస్రాలు గీసుకొచ్చింది, పొడవు ఎప్పుడూ వెడల్పు కంటే ఒకటి ఎక్కువట!

అపోహ: ఇలాంటివాళ్లను గురుకులానికో నవోదయకో పంపాలి, మామూలు బడిలో ఏముంది?

1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులం ఎందరో పల్లె పిల్లలను నిలబెట్టింది, కాదనను. కానీ సీట్లు కొన్నే, మిగతావాళ్లంతా మన దగ్గరే చదవాలి. వాళ్లకోసం ఉన్నదే ఎన్‌ఎంఎంఎస్, అంటే పేదింటి ప్రతిభావంతులకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్. ఎనిమిదో తరగతిలో పరీక్ష. మెంటల్ ఎబిలిటీ 90 ప్రశ్నలు, సబ్జెక్టుల మీద మరో 90. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే ఇస్తారు. వసతి ఉన్న ప్రభుత్వ గురుకులాలకు, నవోదయలకు వర్తించదు. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు.

ఆదాయ సర్టిఫికెట్ చేతికందక గడువు దాటిపోయిన పిల్లలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. టీచర్లకు నా మనవి: బడి తెరవగానే మీసేవకు పంపండి. ఆధార్‌లో పేరు, బడి రికార్డులో పేరు ఒకేలా ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోండి.

ఇంకో మెలిక ఉంది. ఏడో తరగతిలో 55 శాతం, ఎస్సీ, ఎస్టీలైతే 50 శాతం రాకుంటే ఈ పరీక్ష రాయనివ్వరు. చింతగింజల పాప అక్కడే ఆగిపోయేది. రోజూ సాయంత్రం పావుగంట కూర్చోబెట్టి, తను నోటితో చెప్పే జవాబులనే కాగితం మీద పెట్టించాను. ఏడాది చివర 61 శాతం వచ్చింది.