కస్టమ్స్ పట్టికలో దాగిన బొగ్గు పొగ

2026 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్ సరిహద్దు దగ్గర ఒక కొత్త లెక్క మొదలైంది. ఉక్కు, అల్యూమినియం, సిమెంట్, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు బయటి దేశాల నుంచి వస్తే, వాటి తయారీలో ఎంత బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) వెలువడిందో చూపించాలి, దానికి ధర కట్టాలి. ఈ వార్త చదివి ఒక పాఠకుడు అడిగారు: "ఇది పర్యావరణం మీద ప్రేమా, లేక మన ఉక్కు మీద కన్నేయడమా? సుంకాల వ్యవహారంలోకి పర్యావరణాన్ని లాగడం ఎందుకు?"

ప్రేమా ఉంది, కన్నూ ఉంది. అంతకు మించి దాని మీద చర్చ అనవసరం. నన్ను పట్టుకున్నది రెండో ప్రశ్న. సుంకాల్లోకి పర్యావరణం ఇప్పుడే చొరబడిందన్న నమ్మకం అందులో ఉంది. కానీ ప్రపంచంలో దాదాపు ప్రతి దేశపు దిగుమతి సుంకాల పట్టికా చాలాకాలంగా ఒక పర్యావరణ విధానంగా పనిచేస్తూనే ఉంది. ఆ ఉద్దేశంతో దాన్ని ఎవరూ రాయలేదు, అంతే. పైగా అది తలకిందులుగా పనిచేస్తోంది: పొగ, అంటే ఈ వాయువు, ఎక్కువ వదిలే సరుకుకు తక్కువ సుంకం, పొగ తక్కువ వదిలే సరుకుకు ఎక్కువ సుంకం.

ఈ సంగతిని అంకెలతో బయటపెట్టినవాడు జోసెఫ్ షపీరో, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త. 2021లో వెలువడిన ఆయన పరిశోధనా పత్రంలో పద్ధతి చూస్తే అమాయకంగా కనిపిస్తుంది. 163 పరిశ్రమలను తీసుకున్నాడు. ఒక్కోదానిలో డాలరు విలువైన సరుకుకు ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందో ఒక వరసలో, ఆ సరుకుపై దేశాలు వేసే సుంకమూ ఇతర అడ్డంకులూ మరో వరసలో పెట్టాడు. పొగ పెరిగేకొద్దీ సుంకం తగ్గుతోంది. ఒక దేశంలో కాదు, చాలా దేశాల్లో. ఈ తేడాను డబ్బులోకి మారిస్తే, అంతర్జాతీయ వాణిజ్యంలో తిరిగే సరుకుల్లోని ప్రతి టన్ను కార్బన్ డయాక్సైడ్‌కూ 85 నుంచి 120 డాలర్ల దాకా కనిపించని రాయితీ అందుతున్నట్టు లెక్క. మొత్తం కలిపితే ఏడాదికి వందల కోట్ల డాలర్లు కాదు, వందల బిలియన్ల డాలర్లు. పర్యావరణ ఆర్థికవేత్తలు కార్బన్‌కు టన్నుకింత ధర పెట్టమని దశాబ్దాలుగా మొత్తుకుంటూ ఉంటే, కస్టమ్స్ పట్టిక అదే స్థాయిలో వెనక నుంచి బహుమతి ఇస్తోంది.

ఎందుకిలా? జవాబులో సగం రసాయనశాస్త్రంలో ఉంది. మిగతా సగం మనుషుల సంఘాల్లో ఉంది.

రసాయనం సంగతి ముందు. ఇనుప ఖనిజంలో ఇనుము ఆక్సిజన్‌తో గట్టిగా ముడిపడి ఉంటుంది. ఆ ముడి విప్పడానికి బ్లాస్ట్ ఫర్నేస్ అనే కొలిమిలో కోక్ (గాలి తగలకుండా కాల్చి తీసిన గట్టి బొగ్గు) వేస్తారు. కోక్ అక్కడ ఇంధనం మాత్రమే కాదు, ఆక్సిజన్‌ను లాక్కుపోయే పదార్థం కూడా. అది కాలి కార్బన్ మోనాక్సైడ్ వాయువుగా మారుతుంది. హెమటైట్ అనే ఇనుప ఖనిజపు అణువు ఒకటి మూడు కార్బన్ మోనాక్సైడ్ అణువులతో కలిస్తే రెండు ఇనుము పరమాణువులు, మూడు కార్బన్ డయాక్సైడ్ అణువులు వస్తాయి. ద్రవ్యరాశులు వేసి చూడండి: 112 భాగాల ఇనుముకు 132 భాగాల కార్బన్ డయాక్సైడ్. అంటే కొలిమి ఎంత ఆధునికమైనదైనా, ఇంజనీరు ఎంత మొనగాడైనా, ఈ దారిలో టన్ను ఇనుముకు కనీసం 1.18 టన్నుల వాయువు తప్పదు. దానిపై వేడి కోసం కాల్చేది, ఖనిజపు పొడిని వేడితో ముద్దలు కట్టించడానికి (సింటర్ చేయడానికి) అయ్యేది, బొగ్గును కోక్‌గా మార్చడానికి అయ్యేది కలిపితే టన్ను ఉక్కుకు రెండు టన్నులు దాటుతుంది. భారత ఉక్కు పరిశ్రమ సగటు 2.5 టన్నుల పైచిలుకు. సిమెంట్‌దీ ఇదే కథ. సున్నపురాయిలో 100 భాగాలు కాలిస్తే 56 భాగాల సున్నం మిగులుతుంది, 44 భాగాలు గాలిలో కలుస్తాయి. తాడిపత్రిలోనో మిర్యాలగూడ చుట్టుపక్కలనో ఉన్న సిమెంట్ బట్టీని రేపు పూర్తిగా సౌరవిద్యుత్తుతో వేడిచేసినా ఆ 44 భాగాలు ఎక్కడికీ పోవు.

ఇప్పుడు ఖనిజం నుంచి పూర్తయిన వస్తువు దాకా సాగే తయారీ గొలుసు చివరికి రండి. కారు కర్మాగారంలో జరిగేది రేకును వంచడం, అతకడం, రంగు వేయడం, బిగించడం. పరమాణువుల మధ్య బంధాలను పెద్ద ఎత్తున తెంచే పని అక్కడ లేదు. టన్ను ఉక్కు ధర దాదాపు యాభై వేల రూపాయలు, దాని వెనక రెండున్నర టన్నుల వాయువు. కారు ధర లక్షల్లో ఉంటుంది, కారు కర్మాగారం సొంతంగా వదిలేది అందులో చిన్న భాగం. రూపాయికి ఎంత పొగ అని అడిగితే గొలుసు మొదట్లో ఉన్నవాళ్లు మురికి, చివర్లో ఉన్నవాళ్లు శుభ్రం. ఇది ప్రకృతి పెట్టిన వరస.

సుంకాల వరస దీనికి సరిగ్గా ఎదురు తిరుగుతుంది. మన 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం మొదటి షెడ్యూల్ తిరగేయండి. 26వ అధ్యాయంలో ఖనిజాలు, 27లో బొగ్గూ చమురూ, 72లో ఇనుమూ ఉక్కూ, 87లో వాహనాలు. పేజీలు ముందుకు తిప్పేకొద్దీ ముడిసరుకు పూర్తయిన వస్తువు అవుతుంది, సుంకం కూడా మెట్టుమెట్టుగా ఎక్కుతుంది. కోక్ తయారీకి వాడే కోకింగ్ బొగ్గుపై చాలాకాలంగా ఉన్నది 2.5 శాతం. ఉక్కుపై ప్రాథమిక సుంకం 7.5 శాతం. పూర్తిగా తయారై ఓడ దిగే కారుపై అరవై శాతానికి పైనే. డిగ్రీ తరగతుల్లో సుంకం అంటే బోర్డు మీద ఒక అడ్డగీత, దాని పక్కన ఒక అక్షరం. ఆ గీతకు పేజీలకు పేజీల అసలు రూపం ఉందనీ, దాన్ని కాసేపు చదివితే దేశంలో ఎవరి మాట చెల్లుతుందో తెలిసిపోతుందనీ విద్యార్థులకు చెప్పేవాళ్లు తక్కువ. అది నా పాత ఫిర్యాదు.

ఈ మెట్ల ప్రభావం పైకి కనిపించే అంకెల కన్నా పెద్దది. 1960లలో బేలా బలాసా, మాక్స్ కోర్డెన్ వంటి ఆర్థికవేత్తలు దీనికి ఒక లెక్క కట్టారు. ఒక ఊహా ఉదాహరణతో చేసి చూద్దాం. ప్రపంచ మార్కెట్లో పది లక్షల కారు. అందులో ఏడు లక్షలు కొన్న సరుకు, మూడు లక్షలు కర్మాగారం చేర్చిన విలువ. కారుపై 60 శాతం సుంకం ఉంటే దేశీయ తయారీదారు గరిష్ఠంగా పదహారు లక్షలకు అమ్ముకోవచ్చు. కొన్న సరుకుపై సుంకం 7.5 శాతమే కనుక అది 7,52,500 అవుతుంది. మూడు లక్షలు ఉండాల్సిన చోట 8,47,500 మిగిలాయి. నికర రక్షణ, అంటే కర్మాగారం చేర్చిన విలువకు దక్కిన పెంపు, 60 శాతం కాదు, 182.5 శాతం. ఇదే లెక్క ఉక్కు కర్మాగారానికి వేయండి. యాభై వేల ఉక్కులో ముప్పై వేలు ముడిసరుకు అనుకుంటే, 7.5 శాతం సుంకంతో ధర 53,750, ముడిసరుకు 2.5 శాతంతో 30,750. ఇరవై వేలు ఉండాల్సిన చోట ఇరవై మూడు వేలు. నికర రక్షణ పదిహేను శాతం. పైకి ఎనిమిది రెట్ల తేడా, లోపల పన్నెండు రెట్ల తేడా.

సాగునీటి కాలువ కింద వ్యవసాయం చేసినవారికి ఇక్కడ ఒక వింత కనిపిస్తుంది. కాలువ మీద పెత్తనం ఎప్పుడూ ఎగువ రైతుది. తూము తిప్పేది అతడే, చివరి ఆయకట్టుకు తడి అందేసరికి నారు ఎండిపోతుంది. పరిశ్రమల కాలువలో పెత్తనం దిగువవాడిది. తనకు వచ్చే నీరు చవకగా ఉండాలి, తాను వదిలేది ఖరీదుగా అమ్ముడుపోవాలి, రెంటికీ తూము తాళం తన దగ్గరే ఉండాలి. అలాగే జరుగుతుంది కూడా. ఉక్కు కొనేవాళ్లెవరు? కార్ల కంపెనీలు, యంత్రాల కంపెనీలు, నిర్మాణ సంస్థలు. వాళ్లకు సంఘాలున్నాయి, ఢిల్లీలో కార్యాలయాలున్నాయి, ఉక్కుపై సుంకం పెంచే మాట రాగానే మంత్రిత్వ శాఖకు వినతిపత్రం చేరుతుంది. మరి కారు కొనేవాడు? అతడు కాలువ తోక. పదేళ్లకోసారి కారు కొంటాడు, ధరలో సుంకం ఎంతో అతడికి తెలియదు, కారు కొనేవాళ్ల సంఘం పెట్టి ధర్నా చేయడు. ఎగువవాడికి ఎదురు నిలిచే కొనుగోలుదారు ఉన్నాడు, దిగువవాడికి లేడు. పరిశ్రమలు గొలుసులో ఎక్కడున్నాయన్నది లెక్కలోకి తీసుకున్నాక పొగకూ సుంకానికీ మధ్య ఉన్న ఎదురు సంబంధం చాలావరకు అదృశ్యమైపోతుందని షపీరో చూపించాడు. ఎవరూ పొగను ప్రేమించలేదు. పొగ మొదట్లో ఉంది, బలం చివర్లో ఉంది.

ఊహాగానం అనిపిస్తే మన దగ్గరే జరిగింది చూడండి. 2022 మేలో ధరలు మండిపోతున్నాయని కేంద్రం ఉక్కు ఉత్పత్తుల ఎగుమతిపై 15 శాతం సుంకం వేసింది, ఇనుప ఖనిజం ఎగుమతి సుంకాన్ని 50 శాతానికి పెంచింది, కోకింగ్ బొగ్గు దిగుమతి సుంకాన్ని ఎత్తివేసింది. దేశంలో ఉక్కు వాడేవాళ్లకు చవకగా దొరకాలన్నదే ఉద్దేశం. నవంబరులో వెనక్కి తీసుకుంది. 2025 ఏప్రిల్‌లో దిశ మారింది: చదును ఉక్కు (రేకులు, పలకలు) దిగుమతులపై 12 శాతం రక్షణ సుంకం వచ్చింది. వెంటనే అభ్యంతరం చెప్పింది ఎవరు? ఇంజనీరింగ్ వస్తువుల ఎగుమతిదారులు, చిన్న పరిశ్రమలవాళ్లు. వాళ్ల బాధ నిజమైనదే. వాళ్లు స్వార్థపరులని నేను అనడం లేదు. ప్రతి దేశంలోనూ ఇలాంటి బాధలు ఒకే వైపు నుంచి వినబడితే పట్టిక ఒకే వైపు వంగుతుంది, అంతే.

ఇక్కడొక సాంకేతిక చిక్కు ఉంది, దాన్ని దాటేయడం నాకు ఇష్టం లేదు. కారు శుభ్రమైనదన్నానే, దానిలోని ఉక్కు పొగ ఎవరి ఖాతాలో పడాలి? దీనికి 1973 నోబెల్ గ్రహీత వాసిలీ లియాంటీఫ్ పట్టికే ఆధారం. ఒక్కో పరిశ్రమ రూపాయి సరుకు చేయడానికి మిగతా పరిశ్రమల నుంచి ఎంతెంత కొంటుందో ఒక మాత్రికలో, అంటే అడ్డు నిలువు వరసల అంకెల పట్టికలో, రాస్తాం, దాన్ని ‘ఎ’ అందాం. కారుకు ఉక్కు కావాలి, అది ‘ఎ’. ఆ ఉక్కుకు బొగ్గు కావాలి, అది ‘ఎ’ వర్గం. ఆ బొగ్గు తవ్వే యంత్రానికి మళ్లీ ఉక్కు కావాలి, అది ‘ఎ’ ఘనం. ఈ శ్రేణి అంతం లేకుండా సాగుతుంది కానీ ప్రతి మెట్టులోనూ చిన్నదవుతూ ఒక హద్దుకు చేరుతుంది. ఏకాంక మాత్రిక నుంచి ‘ఎ’ని తీసివేసి విలోమం చేస్తే మొత్తం ఒక్కసారిగా వచ్చేస్తుంది. దాన్ని ప్రతి పరిశ్రమ పొగతో గుణిస్తే వస్తువు వెనకున్న పొగంతా బయటపడుతుంది. కాలుష్యాన్ని ఈ పట్టికలో చేర్చే దారిని లియాంటీఫ్ 1970లోనే వేశాడు. షపీరో లెక్కలో ఉన్నది ఇలా గొలుసంతా కలిపిన పొగ. వెనకటి మెట్లన్నీ కలిపినా ఉక్కు, సిమెంట్ పైనే ఉంటాయి, ఎందుకంటే కారు ధరలో ఉక్కు వాటా కొద్దిగానే ఉంటుంది.

ఇక ఒక మూఢనమ్మకం. పర్యావరణ నియమాలు బిగిస్తే ఫ్యాక్టరీలన్నీ నియమాలు లేని దేశాలకు పారిపోతాయన్నది పిల్లి ఎదురొస్తే పని చెడుతుందన్నంత గట్టిగా పాతుకుపోయింది. 1990 నుంచి 2008 వరకు అమెరికా తయారీ రంగం వదిలే ప్రధాన వాయు కాలుష్యాలు దాదాపు 60 శాతం తగ్గాయి, ఉత్పత్తి మాత్రం పెరిగింది. మురికి పనులన్నీ చైనాకు తోసేశారు కాబట్టేనని అందరూ తేల్చేశారు. షపీరో, మరో ఆర్థికవేత్త రీడ్ వాకర్ కలిసి 2018లో విడదీసి చూస్తే, తగ్గుదలలో ఎక్కువ భాగం అదే వస్తువును తక్కువ పొగతో చేయడం వల్ల వచ్చింది, దానికి ప్రధాన కారణం నియమాల ఒత్తిడి. వాణిజ్యం పాత్ర స్వల్పం. పారిపోవడం అసలే లేదని కాదు. ఫ్యాక్టరీ కదలాలంటే రేవు, బొగ్గు, నీరు, పనివాళ్లు, కొనేవాళ్లు అన్నీ కదలాలి. విశాఖ ఉక్కు కర్మాగారం సముద్రతీరాన ఉన్నది ఊరికే కాదు, ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వచ్చే కోకింగ్ బొగ్గు పక్కనే గంగవరంలో దిగుతుంది.

మన దేశం 2012లో మొదలుపెట్టిన ఇంధన పొదుపు పథకం కూడా ఈ కోవలోదే. తొలి విడతలో 478 కర్మాగారాలకు టన్ను సరుకుకు ఇంత ఇంధనమే వాడాలని లక్ష్యం పెట్టారు. లక్ష్యం 6.69 మిలియన్ టన్నుల చమురుకు సమానమైన ఆదా, సాధించింది 8.67. మంచి ఫలితమే, అయితే లక్ష్యాలు మెతకగా పెట్టారేమోనన్న అనుమానం నాకుంది. అదలా ఉంచితే, ఇలాంటి పథకం వస్తువును ఎలా చేయాలో చెబుతుంది. ఏ వస్తువు ఎంత చవకగా, ఎంత విరివిగా వాడాలో చెప్పదు. ఆ పని కస్టమ్స్ పట్టిక చేస్తోంది, అదీ పొగ వైపు మొగ్గుతూ. దేశాలు శుభ్రమైన, మురికి సరుకులపై ఒకే తీరు సుంకాలు వేస్తే ప్రపంచ ఉద్గారాలు కొన్ని శాతాలు తగ్గుతాయనీ, ప్రపంచ నిజ ఆదాయం మారదనీ షపీరో నమూనా చెబుతోంది. ఆ డేటా 2007 నాటిది, నమూనా నమూనానే. అయినా నష్టం లేకుండా దొరికే తగ్గింపు పర్యావరణ ఆర్థికశాస్త్రంలో అరుదైన సరుకు.

ఇప్పుడు యూరప్ లెక్క ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ చిరుగుతుందో కనిపిస్తుంది. అది ఎగువ సరుకు మీదే ధర వేస్తోంది కనుక పట్టిక వంపును సరిచేసే దిశలో ఉంది. కానీ ఉక్కు మీద వేసి ఉక్కుతో చేసిన యంత్రాన్ని వదిలేస్తే, తెలివైనవాడు ఉక్కును యంత్రంగా మార్చి పంపుతాడు. నట్లు, బోల్టులు జాబితాలో ఉన్నాయి, వాషింగ్ మెషీన్ లేదు. ఇంకో చిరుగు: ఉక్కు విషయంలో కర్మాగారం నేరుగా వదిలే వాయువునే లెక్కిస్తున్నారు, వాడిన కరెంటు వెనకున్న పొగను లెక్కించడం లేదు. అందుకని బొగ్గు కరెంటుతో తుక్కు కరిగించే కొలిమి కూడా సరిహద్దులో శుభ్రంగానే కనిపిస్తుంది. శుభ్రమైన కొలిమి సరుకును యూరప్‌కు పంపి, మిగతాది ఇంట్లో అమ్ముకుంటే ఆకాశానికి ఒరిగేదేమీ లేదు.

ఉత్పత్తి చేసిన దేశంలో ఇప్పటికే కార్బన్ ధర కట్టి ఉంటే దాన్ని మినహాయించుకోవచ్చన్న నిబంధన ఒకటుంది. టన్ను వాయువుకు యూరప్‌లో 75 యూరోలు, మన దగ్గర 10 యూరోలు అనుకుందాం. అక్కడి కర్మాగారాలకు ఉచితంగా ఇచ్చే ఉద్గార అనుమతులు 2034కు పూర్తిగా ముగిశాక, 2.3 టన్నుల వాయువుతో చేసిన టన్ను ఉక్కుపై బిల్లు 172.5 యూరోలు. అందులో 23 యూరోలు మన ఖజానాలోనో మన కార్బన్ మార్కెట్లోనో ఉంటాయి, 149.5 యూరోలు యూరప్‌కు పోతాయి. మన ధర 40 అయితే 92 ఇక్కడే ఆగుతాయి. 2023లో నోటిఫై అయిన భారత కార్బన్ క్రెడిట్ల పథకంలో తొలి లక్ష్యాలు అల్యూమినియం, సిమెంట్, క్లోర్-ఆల్కలీ (క్లోరిన్, కాస్టిక్ సోడా తయారీ), కాగితం కర్మాగారాలకు 2025 అక్టోబరులో వచ్చాయి. యూరప్‌కు మనం ఎక్కువగా పంపే ఉక్కు ఆ మొదటి జాబితాలో లేదు.