సన్నాలు వేయమన్న ఏడాది: వడ్ల గొడవ వెనుక అసలు మలుపు

యాసంగి (రబీ) కోతలు మొదలయ్యాయంటే తెలంగాణలో వడ్ల కొనుగోలు రాజకీయం మొదలైనట్టే. సన్నాలకు, అంటే సన్నరకం వడ్లకు, క్వింటాకు ఇస్తామన్న 500 రూపాయల బోనస్ ఏమైందని ప్రతిపక్షాలు అడుగుతాయి. వడ్లను ఆవిరి పట్టి ఆడించిన ఉప్పుడు బియ్యం కేంద్రం ఎంత తీసుకుంటుందో తేల్చాలని రాష్ట్రం పట్టుబడుతుంది. ఇస్తామన్న బియ్యమే గడువులోగా ఇవ్వడం లేదని కేంద్రం బదులిస్తుంది. ఈలోపు రైతు కల్లంలో వడ్ల కుప్ప మీద టార్పాలిన్ కప్పుకుని కాంటా ఎప్పుడు పెడతారా అని ఎదురు చూస్తుంటాడు. తేమ 17 శాతానికి దిగే వరకు ఆరబోయాలి. ఆరేలోపు వాన పడితే మళ్ళీ మొదటి నుంచి.

హరిత విప్లవం, 1965లో కేంద్రం తరఫున ధాన్యం సేకరించే ఎఫ్‌సీఐ ఏర్పాటు, 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం, 2004 మే 14న ఉచిత కరెంటు ఫైలు మీద తొలి సంతకం, ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. ఇప్పటి గొడవను చాలామంది 2021 అక్టోబర్ 4 నాటి లేఖ దగ్గర మొదలుపెడతారు. ఇకపై ఉప్పుడు బియ్యం ఇవ్వబోమని రాష్ట్రం ఎఫ్‌సీఐకి రాసిచ్చిన లేఖ అది. ఆ లేఖ ముఖ్యమైనదే. కానీ రైతు మనసు మారింది అంతకు ఏడాది ముందు, 2020 వానాకాలంలో. ఆ ఒక్క సీజన్‌ను సరిగ్గా చూడకపోతే ఆ తర్వాత జరిగినవేవీ అర్థం కావు.

2020 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం నియంత్రిత సాగు ప్రకటించింది. ఏ పంట ఎక్కడ ఎన్ని ఎకరాల్లో వేయాలో ముందే నిర్ణయించింది. వానాకాలంలో మక్కలు (మొక్కజొన్న) వేయొద్దంది. చెప్పిన పంట వేయకపోతే ఎకరాల లెక్కన ఇచ్చే పెట్టుబడి సాయం రైతుబంధు రాదన్న హెచ్చరిక ఊరూరా చేరింది. పత్తి, కంది పెంచాలంది. వరిలో దొడ్డు రకాలు తగ్గించి సన్నాలు వేయాలని, ముఖ్యంగా రాజేంద్రనగర్‌లో రూపొందిన తెలంగాణ సోనా వేయాలని అధికారులు ఊళ్లలో సభలు పెట్టి మరీ చెప్పారు. ఆలోచన మంచిదే. జనం తినేది సన్నబియ్యం, గోదాముల్లో నిండేది దొడ్డు బియ్యం. ఆ తేడా పోవాలంటే పంట మారాల్సిందే.

రైతులు మాట విన్నారు, లక్షల ఎకరాల్లో సన్నాలు వేశారు. దొడ్డు రకాలతో పోలిస్తే సన్నాలకు పెట్టుబడి ఎక్కువ, మందుల పిచికారీలు ఎక్కువ, దిగుబడి తక్కువ. అయినా వేశారు. అక్టోబర్ రెండో వారంలో భారీ వానలు పడి పొట్ట మీదున్న చేలు, ఈనిన చేలు పడిపోయాయి. దోమపోటు వచ్చింది. చేతికొచ్చేది కోతమిషన్ కిరాయికి కూడా సరిపోదని కొన్నిచోట్ల రైతులే చేలకు నిప్పు పెట్టారు. మిగిలిన పంటను అమ్ముకుందామని పోతే ఏ-గ్రేడ్‌కు మద్దతు ధర క్వింటాకు 1,888 రూపాయలు. దొడ్డు వడ్లు తెచ్చిన పక్క రైతుకూ అదే ధర. మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరితే ధర ఇంకా తగ్గించి అడిగారు.

అక్టోబర్ 31న జనగామ జిల్లా కొడకండ్లలో రైతువేదిక ప్రారంభిస్తూ నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఈ సంగతి ప్రస్తావించారు. మద్దతు ధర మీద పైసా ఎక్కువిచ్చినా కొనబోమని ఎఫ్‌సీఐ అంటోందని, అయినా సన్నాలకు 100 నుంచి 150 రూపాయలు అదనంగా ఇచ్చే దారి వెతుకుతామని చెప్పారు. ఆ దారి దొరకలేదు. మరోవైపు, వేయొద్దన్నా మక్కలు వేసిన రైతుల గోల ఎక్కువయ్యేసరికి అక్టోబర్ చివర్లోనే క్వింటా 1,850 రూపాయలకు మక్కలు కొనాలని ప్రభుత్వం నిర్ణయించింది. అంటే మాట విననివాడికి మద్దతు ధర దొరికింది. మాట విన్నవాడు పెట్టుబడి కూడా పోగొట్టుకున్నాడు. మక్క రైతును ఆదుకోవడం తప్పని అనడం లేదు, అది చేయాల్సిన పనే. సన్నాలు వేసినవాడిని వదిలేయడం తప్పు.

డిసెంబర్ చివర్లో నియంత్రిత సాగును రద్దు చేశారు. ఇష్టమున్న పంట వేసుకోండి, ఎక్కడ ధర వస్తే అక్కడ అమ్ముకోండి అన్నారు. పంటల కొనుగోళ్లలో రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచి 7,500 కోట్ల దాకా నష్టం వచ్చిందని, ఊళ్లలో కొనుగోలు కేంద్రాలు ఇక కుదరవని చెప్పారు. కానీ కరోనా కాలంలో ఊరూరా తెరిచిన కేంద్రాలను ఒక్కసారిగా మూయడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. తర్వాతి యాసంగిలో అవి మళ్ళీ తెరుచుకున్నాయి.

ఆ యాసంగిలో రైతులు ఏం వేశారో చూడండి. దొడ్డు వడ్లు, ఎక్కువగా ఎంటీయూ 1010 రకం. పెట్టుబడి తక్కువ, చీడపీడలు తక్కువ, ఏ కొనుగోలు కేంద్రమూ కాదనలేని పంట. రాష్ట్రం 2014-15లో ఏడాది మొత్తానికి కొన్న వడ్లు 24 లక్షల టన్నులు. 2020-21 యాసంగి ఒక్కదానిలోనే 92 లక్షల టన్నులు కొనాల్సి వచ్చింది. అదే సమయంలో కంది పరిస్థితి చూడండి. 2020 వానాకాలంలో పది లక్షల ఎకరాలు దాటిన పంట ఆ తర్వాత రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. కందిని మద్దతు ధరకు కొనే కేంద్ర పథకానికి అప్పట్లో పరిమితి ఉండేది, దిగుబడిలో నాలుగో వంతుకు మించి కొనరు. వరికి అలాంటి పరిమితి రైతుకు ఎప్పుడూ కనపడలేదు. ఏ పంట వేయాలో రైతుకు చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ప్రచారం అక్కర్లేదు.

కొడకండ్లలో ప్రస్తావనకు వచ్చిన ఎఫ్‌సీఐ షరతు గురించి ఇక్కడ చెప్పుకోవాలి. ఇవాళ్టి బోనస్ తగాదా మూలం అందులోనే ఉంది. 2014 జూన్‌లో కేంద్రం రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. మద్దతు ధర మీద బోనస్ ఇచ్చే రాష్ట్రాల నుంచి ప్రజా పంపిణీకి అవసరమైనంత బియ్యమే తీసుకుంటామని, మిగతాది ఆ రాష్ట్రాలే చూసుకోవాలని దాని సారాంశం. బోనస్‌ల వల్ల రైతులు వరి, గోధుమల వైపే పోతున్నారని, నిల్వలు పెరిగిపోతున్నాయని కేంద్రం వాదన. ఆ వాదనలో నిజముంది. కానీ బోనస్ వద్దన్న కేంద్రం, పప్పులు నూనెగింజలు వేసిన రైతుకు వరితో సమానమైన భరోసా ఇచ్చి ఉంటే ఆ మాటకు విలువ ఉండేది. ఛత్తీస్‌గఢ్ ఆ షరతును దాటడానికి 2020లో బోనస్ పేరు తీసేసి, ఎకరాల లెక్కన పెట్టుబడి సాయంగా ఇచ్చింది. తెలంగాణ ఆ పని చేయలేదు.

ఇంత వరి ఎలా వచ్చిందన్న దానికి 2018కి వెళ్లాలి. ఆ ఏడాది జనవరి 1 నుంచి దాదాపు 23 లక్షల వ్యవసాయ పంపుసెట్లకు 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. భూగర్భ జలాలు అడుగంటుతాయని, ఇరవై నాలుగు గంటలు వద్దని కొన్ని గ్రామాలు అప్పుడే తీర్మానాలు చేశాయి. మోటర్లకు ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే బతిమాలింది. మే నెలలో హుజూరాబాద్ ప్రాంతంలో రైతుబంధు మొదలైంది. అప్పటికే మిషన్ కాకతీయతో చెరువులు బాగుపడ్డాయి. 2019 జూన్‌లో కాళేశ్వరం ఎత్తిపోతల పథకం వచ్చింది. నీళ్లు, కరెంటు, పెట్టుబడి, మూడూ వచ్చాయి. కరువుతో, వలసలతో కుంగిపోయిన ప్రాంతానికి అవి దక్కాల్సినవే. అయితే ఈ మూడింటితో పాటు నమ్మకమైన కొనుగోలు ఉన్న పంట ఒక్కటే ఉంది. నీళ్లొచ్చిన ప్రతి మడీ వరిమడి అయింది. జొన్న, కంది, ఆముదం పండిన చెలకల్లో నాట్లు పడ్డాయి.

ఉప్పుడు బియ్యం మీద కేంద్రంతో రాష్ట్రం చేసిన 2021-22 పోరాటం అందరికీ గుర్తుంది. మార్చి తర్వాత 40 డిగ్రీలు దాటే ఎండకు యాసంగి గింజలో సన్నటి పగుళ్లు వస్తాయి. పచ్చిగా ఆడిస్తే నూక బాగా పెరుగుతుంది. నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తే పగుళ్లు అతుక్కుంటాయి, అదే ఉప్పుడు బియ్యం. క్వింటా వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం ఇవ్వాలన్నది నిబంధన, అందులో నూక 25 శాతం మించకూడదు. యాసంగి వడ్లతో అది కుదరదని మిల్లర్లు అన్నారు. ఉప్పుడు బియ్యం తినే రాష్ట్రాలు సొంతంగా సేకరించుకుంటున్నాయి కాబట్టి తమకు అక్కర్లేదని కేంద్రం అంది. 2020-21 యాసంగి ఉప్పుడు బియ్యం 24.75 లక్షల టన్నులకు మించి తీసుకోనన్న కేంద్రం చివరకు మరో 20 లక్షల టన్నులకు ఒప్పుకుంది. వరి వేస్తే ఉరే అన్న మాట ఆ రోజుల్లో నినాదంలా తిరిగింది. 2021 నవంబర్‌లో ఇందిరా పార్కు దగ్గర ధర్నా, 2022 ఏప్రిల్ 11న ఢిల్లీలో ధర్నా, మర్నాడే రాష్ట్రమే కొంటుందన్న ప్రకటన. రాష్ట్రంలోని టీఆర్ఎస్, కేంద్రంలోని బీజేపీ రాజకీయంగా వాడుకున్న ఆరు నెలల్లో యాసంగిలో వరి బదులు ఏం వేయాలి, దాన్ని ఎవరు కొంటారు అన్న ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు.

వాతావరణం సంగతి ఇక్కడే వస్తుంది. ఎండ తీవ్రత పెరిగేకొద్దీ యాసంగి వడ్లలో నూక పెరుగుతుంది కాబట్టి ఉప్పుడు బియ్యం తగాదా దానంతటది సర్దుకోదు. 2023 మార్చి నుంచి మే దాకా పడిన వడగళ్లు, అకాల వానలు కోతకొచ్చిన చేలనూ కల్లాల్లోని కుప్పలనూ ముంచాయి. 2024 మార్చిలో బోర్లు ఎండి జనగామ, సూర్యాపేట, నల్గొండ జిల్లాల్లో నాట్లేసిన పొలాలు ఎండిపోయాయి. నిలువ నీటిలో పెరిగే వరి నుంచి మీథేన్ వెలువడుతుంది. మడిని మధ్యమధ్యలో ఆరనిచ్చి తడిపే పద్ధతితో ఆ వాయువూ తగ్గుతుంది, నీళ్లూ మిగులుతాయి. దమ్ము చేయకుండా వెదజల్లే పద్ధతి కూడా కొన్ని జిల్లాల్లో రైతులకు అలవాటే. 2025 మేలో హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి నుంచి జన్యు సవరణతో రూపొందించిన కమల రకం 20 రోజుల ముందే కోతకు వస్తుందని ప్రకటించారు. ఇవన్నీ మంచివే. అయితే మోటరు వేసినా ఆపినా ఒకే బిల్లు, అంటే సున్నా, వచ్చే చోట నీళ్లు మిగిల్చినందుకు రైతుకు దక్కేది ఏమీ లేదు. మిగిల్చిన నీటికి ప్రతిఫలం ఇచ్చే పథకం ఇక్కడ ఇప్పటిదాకా రాలేదు. వరి మానితే ఎకరాకు 7,000 రూపాయలిచ్చే పథకాన్ని హర్యానా 2020లోనే మొదలుపెట్టింది.

ఆహార భద్రత కోసమే ఇంత వరి అన్న వాదన ఒకటుంది. 2022, 2023లో బియ్యం ఎగుమతుల మీద వరుసగా ఆంక్షలు పెట్టిన కేంద్రమే 2024-25లో 52 లక్షల టన్నుల ఎఫ్‌సీఐ బియ్యాన్ని కిలో 22 రూపాయల 50 పైసలకు ఇథనాల్ కోసం కేటాయించింది. అదే సమయంలో పప్పులు, వంటనూనెలు బయటి దేశాల నుంచి వస్తున్నాయి. 2023 డిసెంబర్‌లో పసుపు బఠానీ మీద దిగుమతి సుంకం ఎత్తేశారు. 2025 మొదట్లో కంది ధర మద్దతు ధర 7,550 కంటే కిందికి జారింది. తాండూరు కంది రైతు ఆ ఏడాది మార్కెట్‌లో చూసింది ఇదే.

ఇప్పటి బోనస్‌కు వద్దాం. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ హామీగా అన్ని వడ్లకూ అనుకున్న 500 రూపాయలను 2024 వానాకాలం నుంచి సన్నాలకే పరిమితం చేశారు. కొనుగోలు కేంద్రాల్లో గింజ కొలిచే పరికరాలు పెట్టారు. ఆ సీజన్‌లో 66 లక్షలకు పైగా ఎకరాల్లో 153 లక్షల టన్నుల వడ్లు పండాయని ప్రభుత్వం ప్రకటించింది, విస్తీర్ణంలో సగానికి మించి సన్నాలే. 2020లో రైతుబంధు ఆపుతామని బెదిరించి చేయించిన పనిని ఈసారి ముందే ధర చెప్పడంతో రైతులు తమంతట తామే చేశారు. 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వస్తోంది. పండించిన పంట తినేవాళ్ల దగ్గరికి చేరుతోంది, ఇది చిన్న విషయం కాదు. అందుకే బోనస్ చెల్లింపు ఆలస్యమైతే నష్టం డబ్బుతో ఆగదు. 2020లో ఒకసారి తిన్న దెబ్బ రైతుకు గుర్తుంది. ఇంకోసారి అదే జరిగితే తర్వాతి యాసంగికి మళ్ళీ దొడ్డు వడ్లే.

బోనస్ వరిలోనే రకాన్ని మార్చింది, వరిని తగ్గించలేదు. యాసంగి ఎండకు సన్నగింజ ఇంకా సులువుగా విరుగుతుంది. అదే 500 రూపాయలు యాసంగిలో జొన్నకో, శనగకో, వేరుశనగకో పెట్టి, ఊళ్లోనే కాంటా పెట్టి కొంటే ఏమవుతుందో ఇంతవరకు ఇక్కడ ఎవరూ చేసి చూడలేదు. కొన్నది ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు జవాబు చట్టంలోనే ఉంది. 2013 ఆహార భద్రత చట్టం బియ్యం, గోధుమలతో పాటు చిరుధాన్యాలనూ రేషన్‌లో ఇవ్వొచ్చంది. ఒడిశా 2017 నుంచి చిరుధాన్యాల మిషన్ పెట్టి, గిరిజన రైతుల దగ్గర రాగులు మద్దతు ధరకు కొని రేషన్‌లో పంచింది. జహీరాబాద్ ప్రాంతంలో మహిళా సంఘాలు జొన్నలు, సజ్జలు సేకరించి తమ ఊళ్లలోనే పంచుకున్న అనుభవం అంతకంటే పాతది.

వానాకాలం విత్తనం కొనేది రోహిణి, మృగశిర కార్తెల్లో. యాసంగి నారు పోసేది నవంబర్, డిసెంబర్‌లలో. ఏ పంటను ఏ ధరకు, ఎంత పరిమాణంలో, ఏ కేంద్రంలో కొంటారో ఆ తేదీలకు ముందే జీవో రూపంలో రావాలి. 2020లో సన్నాల ధర గురించి తొలి మాట అక్టోబర్ 31న వచ్చింది, కోతలు మొదలయ్యాక.