విశాఖ రేవులో పసుపు పలక: అమ్మోనియం నైట్రేట్ నిబంధనల పూర్వాపరాలు

విశాఖ పోర్టు నుంచి కాన్వెంట్ జంక్షన్ వైపు వచ్చే లారీల్లో అప్పుడప్పుడు ఒకదాని వెనక పసుపు రంగు పలక కనిపిస్తుంది. మూల మీద నిలబెట్టిన చతురస్రం, అందులో ఒక సున్నా, ఆ సున్నా మీద మంట, అడుగున 5.1 అనే అంకె. పెట్రోలు ట్యాంకరు కనిపిస్తే బండిని పక్కకు తీసే ఆటోడ్రైవరు ఈ లారీ వెనకే బీడీ వెలిగించుకుని నింపాదిగా పోతాడు. అతన్ని తప్పుపట్టలేం. లోపల ఉన్నవి యూరియాను పోలిన తెల్లటి పలుకులే, వాటంతట అవి అంటుకోవు. ఆ పలకలోని సున్నా ఆక్సిజన్‌కు గుర్తు. ఈ సరకు తాను మండదు, పక్కనున్న దాన్ని మండిస్తుంది. రసాయనశాస్త్రంలో వీటిని ఆక్సీకరణులు అంటారు. బాణసంచాలో వేసే సూరేకారం, నీళ్ల ట్యాంకుల్లో కలిపే బ్లీచింగ్ పౌడరు, పొటాషియం పర్మాంగనేట్, నైట్రిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ అన్నీ ఈ కుటుంబానివే. విశాఖ విషయంలో ముఖ్యమైనది అమ్మోనియం నైట్రేట్. దేశానికి దిగుమతయ్యే ఈ సరకులో చాలా భాగం ఈ రేవులోనే దిగి, బొగ్గు గనుల్లో పేలుళ్లకు వాడే మందుల తయారీకి వెళ్తుంది.

వంటింట్లో మూకుడు అంటుకుంటే మూత పెడతాం, గడ్డివాము అంటుకుంటే తడిపిన గోనె కప్పుతాం. గాలి తగలకపోతే మంట చస్తుందన్నది మనకు పుట్టుకతో వచ్చినంత గట్టి నమ్మకం. ఆక్సీకరణుల దగ్గర ఆ నమ్మకమే ప్రాణం తీస్తుందని ప్రపంచానికి తెలిసిన రోజు 1947 ఏప్రిల్ 16. అమెరికాలోని టెక్సాస్ సిటీ రేవులో గ్రాండ్‌క్యాంప్ అనే ఫ్రెంచి ఓడలో సుమారు 2,300 టన్నుల అమ్మోనియం నైట్రేట్ ఉంది. ఉదయం 8 గంటల ప్రాంతంలో ఒక అరలో పొగ కనిపించింది. హోసుతో నీళ్లు కొడితే సరకు పాడవుతుందని ఆపి, ఓడ అధికారులు అర తలుపులు బిగించి లోపలికి ఆవిరి వదిలించారు. నూనె మంటకో పత్తి బేళ్ల మంటకో అది సరైన పద్ధతే. ఇక్కడ మాత్రం మంటకు కావలసిన ఆక్సిజన్ సరకులోనే ఉంది. మూత పెట్టడం వల్ల వేడి, ఒత్తిడి లోపలే చిక్కుకున్నాయి, ఆవిరి ఆ వేడికి తోడయింది. పొగ నారింజ రంగులో వింతగా ఉందని జనం చూడటానికి రేవు గట్టుకు చేరారు. 9 గంటల 12 నిమిషాలకు ఓడ పేలింది. కనీసం 581 మంది చనిపోయారు. ఊరి అగ్నిమాపక దళంలోని 28 మందిలో మిగిలింది ఒక్కరే.

ఆ ఉదయం నేర్పిన పాఠాలు నేటికీ మారలేదు. మంట చిన్నదిగా ఉన్నప్పుడే దూరం నుంచి ధారాళంగా నీళ్లు కొట్టాలి. నురగ, కార్బన్ డయాక్సైడ్, పొడి సిలిండర్లు పనిచేయవు, ఎందుకంటే అవి గాలిని అడ్డుకున్నా, మంటను అణిచినా సరకు వేడిని తగ్గించలేవు. తలుపులు, కిటికీలు మూయకూడదు, తెరవాలి. 170 డిగ్రీల దగ్గర కరిగే ఈ పదార్థం మురుగు కాలువల్లోకి జారి అక్కడ చిక్కుకోకుండా వాటి మూతుల దగ్గర అడ్డుకట్ట వేయాలి. మంట సరకును పట్టేసిందని తేలితే ఆర్పే ప్రయత్నం వదిలి, జనాన్ని ఖాళీ చేయించి సిబ్బంది కూడా వెనక్కి రావాలి. అన్నింట్లోకీ చివరిదే కష్టమైనది. 2013లో టెక్సాస్ రాష్ట్రంలోనే వెస్ట్ అనే ఊళ్లో ఎరువుల గోదాము పేలినప్పుడు చనిపోయిన 15 మందిలో 12 మంది మంట ఆర్పడానికి వెళ్లినవారే. 2015లో చైనాలోని తియాన్‌జిన్ రేవులో మరణించిన 173 మందిలోనూ ఎక్కువ మంది అగ్నిమాపక సిబ్బందే.

మన దేశంలో నిబంధనలు ఈ దారిలో రాలేదు. అమ్మోనియం నైట్రేట్ చాలాకాలం ఎరువుగా, పారిశ్రామిక సరకుగానే చెలామణి అయింది. డీజిలు కలిపితే పేలుడు మందు అవుతుందన్నది గనుల్లో పనిచేసేవారందరికీ తెలిసిందే, బాంబులు కట్టేవారికీ తెలిసింది. 2011 జులై 13న ముంబయిలో జరిగిన వరుస పేలుళ్లలో దీన్నే వాడారు. వారం తిరిగాక, జులై 21న, 45 శాతానికి మించి అమ్మోనియం నైట్రేట్ ఉన్న మిశ్రమాలను 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కిందికి తెస్తూ కేంద్రం ప్రకటన జారీ చేసింది. ప్రత్యేక నిబంధనలు 2012 జులైలో వచ్చాయి. లైసెన్సులు, నిల్వల లెక్కలు, రవాణాలో కాపలా, చోరీ జరిగితే ఫిర్యాదు వంటి అంశాలే వాటిలో ప్రధానం. సరకు దొంగల చేతికి పోకూడదన్నది వాటి మొదటి ఆలోచన, అంటుకుంటే ఏం చేయాలన్నది తరువాతిది. దీన్ని లోపం అనేకంటే పుట్టుక గుర్తు అనడమే సబబు.

ఆ నిబంధనలు రావడానికి నెల ముందే విశాఖ మరో ఆక్సీకరణి దెబ్బ తిన్నది. 2012 జూన్ 13 రాత్రి ఉక్కు కర్మాగారంలో రెండో స్టీల్ మెల్టింగ్ షాపుకు సంబంధించిన ఆక్సిజన్ వ్యవస్థను ప్రయోగాత్మకంగా నడుపుతుండగా పేలుడు జరిగి 19 మంది మరణించారు. ఒత్తిడితో ఉన్న శుద్ధ ఆక్సిజన్‌లో గ్రీజు మరకైనా, ఇనుప రజనైనా, చివరకు గొట్టమే అయినా కట్టెలా కాలుతుంది. కానీ నగరం మనసులో ఎక్కువగా నిలిచిన అగ్ని 1997 సెప్టెంబరు 14 నాటిది, రిఫైనరీలో వంటగ్యాసు లీకై సుమారు 60 మందిని బలిగొన్నది. నూనె, గ్యాసు చుట్టూ బతికే ఊళ్లో మంట అనగానే నురగ గుర్తుకు రావడం సహజమే. పసుపు పలక దగ్గర ఆ అలవాటును పక్కన పెట్టాల్సి వస్తుంది.

2020 ఆగస్టు 4న బేరూత్ రేవులో ఆరేళ్లుగా పడి ఉన్న 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలి రెండు వందల మందికి పైగా చనిపోయారు. మంట ఆర్పడానికి పంపిన పదిమంది సిబ్బందికి లోపల ఏముందో ఎవరూ చెప్పలేదు. విశాఖలో ఆర్‌ఆర్ వెంకటాపురం స్టైరీన్ విషవాయువుకు 12 మంది బలై అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. స్టైరీన్ వేరే జాతి రసాయనం, అయినా గోడ అవతల ఏ సరకుందో తెలియకుండా నిద్రపోవడం అంటే ఏమిటో ఊరు అప్పుడే చవిచూసి ఉంది. చెన్నై శివారులో 2015 నుంచి నిలిచిపోయిన సుమారు 700 టన్నుల సరకును హడావుడిగా తరలించారు. ఆ తరువాత 2021లో వచ్చిన సవరణలు దిగుమతిని సంచుల్లోనే అనుమతించాయి, పోర్టు పరిధికి 500 మీటర్ల అవతల ఉన్న గోదాములకు సరకును చేర్చాలన్నాయి, అగ్నిమాపక ఏర్పాట్లను పెంచాయి. 2012లో కాపలావాడి కోసం రాసిన నిబంధనల్లో ఫైరింజన్‌కు అప్పటికి చోటు దొరికింది.

సంచులు వచ్చినంత మాత్రాన ఒలకడం ఆగదు. కొక్కెం తగిలి సంచి చిరుగుతుంది, పలుకులు నేల మీద పరుచుకుంటాయి. గోదాముల్లో ఏది ఒలికినా రంపపు పొట్టు చల్లి ఊడ్చేయడం మనవాళ్ల పాత అలవాటు. ఇక్కడ మాత్రం పొట్టు, గోనె పీలికలు, నూనె గుడ్డ ఏదీ దగ్గరకు రాకూడదు, ఎందుకంటే అవన్నీ ఈ సరకుకు ఇంధనాలే. లారీ కింద కారిన డీజిలులో కలిసిన పలుకులను తిరిగి సంచికెత్తితే అది మామూలు సరకు కాదు, గనిలో వాడే మందుకు దగ్గరి చుట్టం. శుభ్రమైన పారతో, శుభ్రమైన ప్లాస్టిక్ డ్రమ్ములోకి ఎత్తాలి, కలుషితమైనదాన్ని విడిగా ఉంచాలి.

అదే అంటుకుంటే మొదట వచ్చే మామూలు ఫైరింజన్‌లో పట్టే నీళ్లు 4,500 లీటర్లు. రెండు హోసులు విప్పితే అయిదారు నిమిషాల్లో ట్యాంకు అడుగంటుతుంది, కాబట్టి గోదాము దగ్గరే నీటి నిల్వ లేకపోతే దూరం నుంచి ధారాళంగా కొట్టాలన్న మాట కాగితం మీదే ఉండిపోతుంది. ఎర్రటి గోధుమ రంగు పొగ లేస్తే అది నైట్రోజన్ డయాక్సైడ్, ఊపిరితిత్తుల్లో దాని దెబ్బ గంటల తరువాత కూడా బయటపడవచ్చు. మూడు వైపులా కొండలు, ఒక వైపు సముద్రంతో గిన్నెలా ఉన్న విశాఖలో గాలి స్తంభించిన వేళ ఆ పొగ త్వరగా పోదు.

ఉత్తర అమెరికాలో అత్యవసర సిబ్బంది వాడే మార్గదర్శిని ప్రకారం అమ్మోనియం నైట్రేట్ ఉన్న లారీ ట్యాంకరుగానీ రైలు వ్యాగనుగానీ మంటల్లో చిక్కితే అన్ని వైపులా 1,600 మీటర్లు ఖాళీ చేయించాలి. మన సవరణలోని 500 మీటర్లు మాత్రం ఓడలకూ రేవుకూ ఈ సరకు నుంచి దూరం ఇవ్వడానికి పెట్టినవి. విశాఖ రేవుకు ఒక పక్క నీళ్లు, ఒక పక్క కొండలు. గోదామును రేవు నుంచి జరపాలంటే అది ఎక్కువగా జనం ఉన్న వైపే జరుగుతుంది.