ముందరిపాదం నొప్పికి కరెంటు పెడితే చాలా?

"గులకరాయి మీద కాలేసినట్టుంది సార్." ముందరిపాదం నొప్పితో ఒంగోల్లో నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఇదే. ఆ వెంటనే, "కరెంటు పెట్టండి" అంటారు.

అపోహ: ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టడమే.

వాస్తవం: మెషిన్‌తో కాసేపు హాయిగా ఉంటుంది, అంతే. నడకలో మడమ లేవగానే ఒంటి బరువు వేళ్ల మొదళ్ల మీదికి వస్తుంది. పిక్క బిగుసుకుపోయి ఉంటే మడమ ముందే లేస్తుంది, వేళ్ల మొదళ్లు ఆ బరువు ఎక్కువసేపు మోయాలి. అందుకే నొప్పి పాదంలో ఉన్నా పిక్కను సాగదీయమంటాం. గోడకు చేతులానించి, నొప్పి ఉన్న కాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా ముందుకు వంగి 30 సెకన్లు ఆగాలి. మోకాలు నిటారుగా 3 సార్లు, కొంచెం వంచి 3 సార్లు. విసుగు పుట్టే పనే. ఇంటికెళ్లాక చాలామంది మానేసేదీ ఇదే.

అపోహ: చెప్పు ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: చెప్పును చేతుల్లోకి తీసుకుని మెలి తిప్పండి. తడిబట్టలా తిరిగిపోతే అది పాదానికి ఆసరా ఇవ్వదు. ఇక ఇంట్లో సంగతి. చీమకుర్తి పక్కనే కాబట్టి మా ఊళ్లో గ్రానైట్ నేలలకు కొదవలేదు. ఆ గట్టి నేల మీద ఒట్టి కాళ్లతో గంటలకొద్దీ నిలబడితే నొప్పి పెరుగుతుంది. ఇంట్లో వేరే చెప్పులు వాడమంటే ఒకామె, "దేవుడి పటాలు వంటగదిలోనే ఉన్నాయి సార్, మా అత్త ఊరుకోదు" అంది. సరే, పొయ్యి ముందు మందపాటి మ్యాట్ వేసుకోమన్నాను.

అపోహ: పాదానికి ఆసరాగా షూ లోపల పెట్టే చిన్న ప్యాడ్‌ను నొప్పి ఉన్నచోటే అంటించాలి.

వాస్తవం: కాదు, దానికి కాస్త వెనక, మడమ వైపు అంటించాలి. నొప్పి ఉన్నచోట తడి కుంకుమ పెట్టి, షూలోని అట్ట మీద నిలబడమంటాను. మచ్చ పడుతుంది. ప్యాడ్ ముందు అంచు ఆ మచ్చకు వెనకే ఉండాలి.

స్కాన్‌లో 'మార్టన్స్ న్యూరోమా' అని చూసి క్యాన్సరేమో అని టెన్షన్ పడేవాళ్లున్నారు. అది క్యాన్సర్ కాదు. వేళ్ల మధ్య, ఎక్కువగా మూడో, నాలుగో వేళ్ల మధ్య, నరం చుట్టూ మందం కట్టడం. ముందు ఇరుకు బూట్లు మానేయండి.

పాదం పైన వాచి, ఒకే ఎముక మీద నొక్కితే ప్రాణం పోతున్నట్టుంటే మాత్రం వ్యాయామాలు ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి. అది ఎముకలో సన్నటి పగులు కావచ్చు, మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. షుగర్ ఉండి పాదాలు తిమ్మిరెక్కుతుంటే వేడినీళ్ల కాపడం వద్దు. చర్మం కాలినా తెలియదు.