కుదురులేని చేతులు: ఫిడ్జెట్ బొమ్మలపై అపోహలు - వాస్తవాలు

పిల్లలు రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా సాయపడే ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల మొదటి మాట దాదాపు ఒకటే: "ఒక్కచోట కుదురుగా కూర్చోడండీ, చేతులు ఊరికే ఉండవు." రెండో మాట: "ఏ ఫిడ్జెట్ టాయ్ కొనమంటారు?" అంటే కుదురులేని చేతులకు పని చెప్పే చిన్న బొమ్మ. 2017లో వేళ్ళ మధ్య గిర్రున తిరిగే స్పిన్నర్లు, 2021లో బుడగలు నొక్కే రబ్బరు పలకల్లాంటి పాప్ ఇట్‌లు వీధి చివర ఫ్యాన్సీ షాపు దాకా వచ్చేశాక ఈ ప్రశ్న మామూలైపోయింది. బొమ్మ సంగతి తర్వాత, ముందు ఆ కదలిక ఎందుకో తెలియాలి.

అపోహ: చేతులో కాళ్ళో కదుపుతున్నాడంటే పాఠం వినట్లేదు.

వాస్తవం: చాలాసార్లు వినడానికే కదుపుతాడు. పాఠం చప్పగా సాగుతుంటే మెదడు మందగిస్తుంది. మత్తు రాకుండా పెన్ను తిప్పడం, కాలు ఆడించడం మొదలవుతుంది. టెన్షన్‌లో ఉన్నప్పుడు అదే కదలిక మనసును కాస్త నెమ్మదింపజేస్తుంది. బ్రిటన్‌లో జాకీ ఆండ్రేడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2009లో 40 మందికి విసుగు పుట్టించే ఫోన్ సందేశం వినిపించారు. వింటూ కాగితం మీద ఆకారాలకు పెన్సిల్‌తో షేడింగ్ వేసినవాళ్ళకు, ఊరికే విన్నవాళ్ళకన్నా 29 శాతం ఎక్కువ గుర్తుంది. 2015లో ఫ్లోరిడాలో మార్క్ రాపోర్ట్ బృందం 8-12 ఏళ్ల మగపిల్లలను పరిశీలించింది. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరక, అతిగా కదిలే సమస్య) ఉన్నవాళ్ళు ఎక్కువ కదిలినప్పుడు జ్ఞాపకశక్తి పరీక్ష బాగా చేశారు. ఆ సమస్య లేనివాళ్ళు ఎక్కువ కదిలితే ఫలితం తగ్గింది. కాబట్టి అందరికీ ఒకే సలహా ఇవ్వలేం. కానీ ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లాడిని "కదలకు" అని గద్దిస్తే వాడి శక్తంతా కదలకుండా కూర్చోవడానికే పోతుంది, లెక్క బుర్రకెక్కదు. ఈ మాట టీచర్లకు ఎన్నిసార్లైనా ఓపిగ్గా చెప్తాను.

అపోహ: స్పిన్నర్ తిప్పితే ఏకాగ్రత పెరుగుతుంది.

వాస్తవం: అలా చెప్పి అమ్మారు గానీ దానికి ఆధారం దొరకలేదు. శాంటా క్రజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్పిన్నర్ తిప్పుతూ వీడియో పాఠం విన్న విద్యార్థులకు, అది లేకుండా విన్నవాళ్ళకన్నా తక్కువ గుర్తుంది. కారణం నా టేబుల్ దగ్గరే కనబడుతుంది. స్పిన్నర్ చేతికివ్వగానే పిల్లాడి చూపు దానికి అతుక్కుపోతుంది. వేగం తగ్గేదాకా చూస్తాడు, ఆగగానే మళ్ళీ తిప్పుతాడు, వేలి మీద నిలబెట్టబోతాడు, అది జారి టకీమని కింద పడుతుంది, పక్కవాడూ వంగి వెతుకుతాడు. అదే పిల్లాడికి నిమ్మకాయంత క్లే ముద్ద ఇచ్చి టేబుల్ కింద పిసకమంటే, బొటనవేలు దానిలోకి దిగబడుతూ లేస్తూ ఉంటుంది, కళ్ళు మాత్రం నా మొహం మీదే ఉంటాయి. అడిగినదానికి జవాబూ చెప్తాడు.

బొమ్మను నేను ఎంచేది ఈ లెక్కతోనే: చూడకుండా వాడగలగాలి, చప్పుడు చేయకూడదు. పాప్ ఇట్ టపటపలాడుతుంది కాబట్టి తరగతిలో వద్దంటాను. ఆస్పత్రిలో ఇంజెక్షన్ కోసం భయపడుతూ కూర్చున్నప్పుడు మాత్రం బాగా పనికొస్తుంది.

అపోహ: కూర్చుని కాళ్ళు ఊపితే ఇంటికి దరిద్రం.

వాస్తవం: పెద్దల ముందు మర్యాద కాదంటే ఒప్పుకుంటాను. ఒంటికి మాత్రం మేలే. మిస్సోరీ విశ్వవిద్యాలయంలో 2016లో కొందరిని మూడు గంటలు కూర్చోబెట్టి, ఒక్క కాలిని మాత్రమే నిమిషం ఆడించి నాలుగు నిమిషాలు ఆపమన్నారు. ఆ కాలిలో రక్తనాళాలు చక్కగా పనిచేశాయి, కదలని కాలిలో ఆ పనితీరు తగ్గింది. అయితే రాత్రి పడుకోబోయేసరికి కాళ్ళలో ఏదో పాకినట్టుండి, కదిపితేగానీ నిద్రపట్టకపోతే డాక్టర్‌కి చూపించండి. ఐరన్ తక్కువైనా అలా అవుతుంది.

అపోహ: కుదురు లేదంటే ఏడీహెచ్‌డీయే.

వాస్తవం: కాదు. అది చాలా లక్షణాల్లో ఒకటి మాత్రమే. అలాంటివి అనేకం, 12 ఏళ్లలోపే మొదలై, ఆరు నెలలకు పైగా, ఇంట్లోనూ బడిలోనూ కనిపించాలి. తేల్చాల్సింది నిపుణులే.

అపోహ: ఖరీదైన బొమ్మే బాగా పనిచేస్తుంది.

వాస్తవం: పాత సైకిల్ ట్యూబును కుర్చీ ముందు కాళ్ళకు అడ్డంగా బిగించి కట్టండి. పిల్లలు పాదాలతో దాన్ని తోస్తూ, సాగదీస్తూ హోంవర్క్ రాసుకుంటారు, చప్పుడే ఉండదు. బెంచీ అడుగున అంటించిన వెల్క్రో ముక్క కూడా చాలు, వేలితో రుద్దుకుంటారు. లైట్లు వెలిగే స్పిన్నర్ చిన్నపిల్లలున్న ఇంట్లో ఉంచకండి. అందులోని బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోవచ్చు. వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి.

ఏది ఇచ్చినా ఓ వారం ఒక రోజు ఇచ్చి, ఒక రోజు ఇవ్వకుండా చూడండి. ఆ రోజుల హోంవర్క్ పేజీలు పక్కపక్కన పెట్టి పిల్లలు ఎన్ని లెక్కలు పూర్తి చేశారో, ఎక్కడ వదిలేశారో పోల్చండి. తేడా లేకపోతే ఆ బొమ్మ తీసేసి ఇంకోటి చూద్దాం.