ఎక్కడిదాకా బాగుందో ముందు చూడండి

పిల్లలూ,

మొన్న రాత్రి మీలో ఒకరు ఫోన్ చేసి, "తాతయ్యా, లైనక్స్‌లో ఏదీ పనిచేయట్లేదు, వర్చువల్ మెషీన్‌లో నెట్ లేదు, ప్యాకేజీలు ఎక్కట్లేదు, మొత్తం తుడిచేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేస్తా" అన్నారు. వద్దు, రెండు రోజులు ఆగు, ఉత్తరం రాస్తాను అన్నాను. తుడిచేసి మళ్లీ ఎక్కిస్తే మెషీన్ బాగుపడవచ్చు గానీ ఏం పాడైందో మీకు ఎప్పటికీ తెలియదు, వచ్చే నెల అదే ఇబ్బంది వస్తే అప్పుడూ తుడవడం తప్ప ఇంకో దారి కనబడదు. ఈ పనిలో ఇన్నేళ్లుగా నాకు అక్కరకొచ్చిన పద్ధతి ఒక్కటే. ఏం పాడైందా అని వెతకడం మానేసి, ఎక్కడిదాకా బాగుందో ఒక్కో మెట్టూ చూసుకుంటూ వెళ్లడం. బాగున్నది ఎక్కడ ఆగిపోయిందో తప్పు ఆ పక్కనే ఉంటుంది.

కమాండ్లను నోటితో పలికినట్టే రాస్తున్నాను, మీరు టెర్మినల్‌లో మామూలుగా కొట్టుకోండి.

నెట్‌వర్క్‌తో మొదలుపెడతాను. "నెట్ రావట్లేదు" అన్నది ఒక్క తప్పు పేరు కాదు, అందులో కనీసం అయిదు మెట్లున్నాయి. ముందు 127.0.0.1కి పింగ్ కొట్టండి, అంటే ఆ అడ్రస్‌కి చిన్న సందేశం పంపి జవాబు వస్తుందేమో చూడండి. అది మెషీన్ తనతో తాను మాట్లాడుకునే అడ్రస్, అదే పలకకపోతే ఇక రూటర్ జోలికి పోనక్కర్లేదు. తర్వాత "ఐపీ ఏ" అని కొట్టి మీ నెట్‌వర్క్ కార్డుకు అడ్రస్ వచ్చిందేమో చూడండి. ఏమీ లేకపోయినా, 169.254తో మొదలయ్యేది కనబడినా, అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదని దాదాపు ఖాయం. అడ్రస్ ఉంటే "ఐపీ ఆర్" కొట్టండి, డిఫాల్ట్ అని మొదలయ్యే లైనులో బయటికి దారి చూపే గేట్‌వే అడ్రస్ ఉంటుంది, దానికి పింగ్. ఆ తర్వాత బయటి ప్రపంచంలో 1.1.1.1 లాంటి అంకెల అడ్రస్‌కి. చివరగా ఒక పేరుకి. ఈ అయిదూ వరసగా కొట్టడానికి రెండు నిమిషాలు పట్టదు, కానీ వరస తప్పి ఎక్కడో మధ్యలో మొదలుపెడితే గంటలు పోతాయి, ఇది నేను చాలామంది విషయంలో చూశాను.

పింగ్‌ను 1983 డిసెంబరులో మైక్ మూస్ రాశాడు. అమెరికా సైన్యానికి చెందిన పరిశోధనశాలలో తను పనిచేసేచోట నెట్‌వర్క్ వింతగా ప్రవర్తిస్తుంటే, అదేమిటో కనుక్కోవడానికే రాశాడు. నీటి అడుగున శబ్దం పంపి అది తగిలి తిరిగి రావడాన్నిబట్టి వస్తువును కనిపెట్టే సోనార్ ఉంది చూశారూ, దాని చప్పుడే ఈ ప్రోగ్రాముకు పేరు. అందుకే పింగ్ చెప్పే సంగతిని దాని హద్దులోనే ఉంచుకోవాలి. జవాబు వస్తే దారి ఉన్నట్టే. రాకపోతే మాత్రం దారి లేదని కాదు, పింగ్‌లను కావాలనే పట్టించుకోని ఫైర్‌వాల్స్ బోలెడున్నాయి.

అంకెలకు వెళ్తోంది, పేరుకు వెళ్లడం లేదు అంటే తప్పు పేర్లను అంకెల అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్‌లో ఉంది. పాల్ మొకాపెట్రిస్ 1983లో దీన్ని రూపొందించే ముందు, నెట్‌వర్క్‌లోని మెషీన్ల పేర్లన్నీ ఒకే టెక్స్ట్ ఫైలులో రాసి అందరూ కాపీ చేసుకునేవారు. ఆ ఫైలుకు వారసుడు ఇప్పటికీ మీ లైనక్స్‌లో ఈటీసీ డైరెక్టరీలో హోస్ట్స్ అనే పేరుతో ఉంది, మామూలుగా డీఎన్ఎస్‌ను అడిగే ముందు సిస్టమ్ దాన్నే చూస్తుంది. ఎప్పుడో ఒక ప్రయోగం కోసం అందులో ఒక లైను రాసి మర్చిపోతాం. "డిగ్" కమాండు ఆ ఫైలును చూడదు, నేరుగా డీఎన్ఎస్‌ను అడుగుతుంది, కాబట్టి చాలాసార్లు సరైన జవాబే ఇస్తుంది. బ్రౌజర్ మాత్రం ఇంకెక్కడికో పోతుంది. అలా రెండు జవాబులు వేరువేరుగా వచ్చినప్పుడు "గెటెంట్ హోస్ట్స్" అని కొట్టి పేరు ఇవ్వండి, అది ప్రోగ్రాములు అడిగే పద్ధతిలోనే అడుగుతుంది. ఇంకో మాట, డీఎన్ఎస్ సర్వర్ల అడ్రస్‌లుండే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలులో 127.0.0.53 కనబడితే కంగారుపడి మార్చకండి. అది సిస్టమ్‌డీ పెట్టిన మధ్యవర్తి, అసలు సర్వర్లు ఏవో "రిజాల్వ్ సీటీఎల్ స్టేటస్" చెబుతుంది. చేత్తో మార్చినా మెషీన్ తిరిగి లేచేసరికి సాధారణంగా అది పోతుంది.

ఎర్రర్ వస్తే ఒక్క క్షణం ఆగి మాట మాటా చదవండి, ఇది బతిమాలి చెబుతున్నాను. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అన్నా "కనెక్షన్ టైమ్డ్ అవుట్" అన్నా మీకు ఒకటే అనిపిస్తుంది, కానీ తలుపు కొడితే లోపలి నుంచి "మీరడిగిన మనిషి ఇక్కడ లేరు" అని వినబడటానికీ, ఎంత కొట్టినా ఎవరూ పలకకపోవడానికీ ఎంత తేడా ఉందో వీటికీ అంతే. రెఫ్యూజ్డ్ వచ్చిందంటే సాధారణంగా మీ మాట అవతలి మెషీన్‌దాకా వెళ్లింది, తిరిగి జవాబూ వచ్చింది, ఆ పోర్టులో వినేవాళ్లు లేరంతే. అప్పుడు కేబుల్, వైఫై, రూటర్ అన్నిటినీ వదిలేసి ఆ సర్వీసు నడుస్తోందా లేదా అన్నదే చూడాలి. టైమ్డ్ అవుట్ అంటే జవాబే లేదు, దారిలో ఫైర్‌వాల్ మింగేసి ఉండవచ్చు, దారే తప్పి ఉండవచ్చు, అవతలి మెషీన్ ఆగిపోయి ఉండవచ్చు.

ఒక తప్పు మాత్రం ఈ మెట్లన్నీ దాటి కూడా దాక్కుంటుంది. పింగ్ వెళ్తుంది, పేరు దొరుకుతుంది, కనెక్షన్ కలుస్తుంది, పేజీ మాత్రం సగంలో ఆగిపోయి అలా తిరుగుతూనే ఉంటుంది. వీపీఎన్ వాడేవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుంది. ఈథర్‌నెట్ మీద ఒక్కో ప్యాకెట్ 1500 బైట్లదాకా ఉండవచ్చు, వీపీఎన్ తన సొంత కవరు తొడుగుతుంది గనక లోపల చోటు తగ్గుతుంది. చిన్న ప్యాకెట్లు దూరిపోతాయి, నిండా ఉన్నవి దూరవు. "నీ ప్యాకెట్ పెద్దది" అని వెనక్కి చెప్పే సందేశాన్ని దారిలో ఏదో ఫైర్‌వాల్ ఆపేస్తే మీ మెషీన్‌కు ఆ సంగతి తెలియనే తెలియదు. దీన్ని పట్టుకోవాలంటే పింగ్‌కు ముక్కలు చేయవద్దని చెప్పి 1472 బైట్ల సైజుతో పంపండి. హెడర్లకు పోయే 28 కలిపితే సరిగ్గా 1500. అది వెళ్లకుండా 1400 వెళ్తోందంటే దొరికినట్టే, ఆ ఇంటర్‌ఫేస్ ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్‌కు ఉన్న గరిష్ఠ సైజు, తగ్గించండి. నాకు మొదటిసారి ఇది ఎదురైనప్పుడు మూడు రోజులు పట్టింది, పింగ్ బాగుంది కదా అని నెట్‌వర్క్‌ను అనుమానించకుండా వదిలేశాను.

ఇక ప్యాకేజీలు. డెబియన్, ఉబుంటు వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, ఆప్ట్ కింద డీప్యాకేజ్ (dpkg) అని ఇంకొకటి ఉంది. ఏవి కావాలో లెక్కవేసి దింపేది ఆప్ట్, నిజంగా విప్పి సర్దేది డీప్యాకేజ్. మధ్యలో కరెంటు పోయినా టెర్మినల్ మూసేసినా సర్దడం సగంలో ఆగుతుంది. అప్పుడు "డీప్యాకేజ్ మైనస్ మైనస్ కాన్ఫిగర్ మైనస్ ఏ" ఆ మిగిలిన సగాన్ని పూర్తిచేస్తుంది, ఇంకా లెక్క కుదరకపోతే "ఆప్ట్ మైనస్ మైనస్ ఫిక్స్ బ్రోకెన్ ఇన్‌స్టాల్". తాళం దొరకలేదు, కుడ్ నాట్ గెట్ లాక్ అని వస్తే చాలామంది వెంటనే ఆ లాక్ ఫైలును చెరిపేస్తారు. దయచేసి చెరపకండి. వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తూ ఉంటుంది, కొత్త వెర్షన్లలో ఏ ప్రాసెస్ పట్టుకుని ఉందో నంబరుతో సహా ఆ మెసేజే చెబుతుంది. అయిదు నిమిషాలు ఆగితే పోయేదానికి, ఇద్దరు ఒకేసారి డేటాబేస్‌లో రాసే ప్రమాదం తెచ్చుకోవడం దేనికి?

ఎర్రర్లు బారెడు వచ్చినప్పుడు చివరి లైను చూసి వెతకడం అందరికీ అలవాటు. చివరిది సాధారణంగా ఫలితం, కారణం పైనెక్కడో మొదటి ఎర్రర్ దగ్గరుంటుంది, పైకి జరిపి చూడండి. డిస్కులో చోటు లేదని ఒక్క ముక్క అక్కడుండి, కింద నలభై లైన్లు దాని మూలంగా వచ్చినవే కావచ్చు. "డీఎఫ్ మైనస్ హెచ్" చూడండి, ముఖ్యంగా పాత కెర్నల్స్ పేరుకుపోయే బూట్ పార్టిషన్. చోటు కనబడుతూనే చోటు లేదంటే "డీఎఫ్ మైనస్ ఐ" చూడండి, చిన్న ఫైళ్లు లక్షల్లో చేరి ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున ఖర్చయ్యే ఐనోడ్లు అయిపోయి ఉంటాయి.

ఆప్ట్ ఎస్ ఆర్ నో అని అడిగే ముందు, తీసేయబోయే ప్యాకేజీల జాబితా ఒకటి చూపిస్తుంది. మీరు చిన్న లైబ్రరీ ఒకటి ఎక్కిద్దామనుకుంటే ఆ జాబితాలో డెస్క్‌టాప్ అంతా కనబడితే, ఎన్ కొట్టి బయటికి రండి. ఇలా జరగడానికి ఎక్కువసార్లు కారణం బయటి రిపాజిటరీలు (ప్యాకేజీలు దింపుకునే చోట్లు), వేరే రిలీజ్ కోసం చేసినవి మీ రిలీజ్‌లో కలపడం. "ఆప్ట్ పాలసీ" అని ప్యాకేజీ పేరు ఇస్తే ఏ వెర్షన్ ఎక్కడినుంచి వస్తోందో చెబుతుంది. పైథాన్ విషయం ఒక్క ముక్కలో చెప్పేస్తాను: సుడో పెట్టి పిప్ (పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే కమాండు) వాడకండి, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అయితే పిప్‌ను సిస్టమ్ పైథాన్ జోలికి రానివ్వకుండా అదే ఆపుతుంది. ఆపుతున్నదాన్ని దాటే ఆప్షన్ వెతక్కుండా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకోండి.

వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్, కాబట్టి పైన చెప్పినవన్నీ రెండుసార్లు, ఒకసారి బయట హోస్ట్‌లో, ఒకసారి లోపల గెస్ట్‌లో. మీకు తికమక ఇక్కడే వస్తోంది. వర్చువల్ బాక్స్‌లో నాట్ (గెస్ట్ తన మాటలన్నీ హోస్ట్ అడ్రస్ మీద బయటికి పంపే పద్ధతి) పెట్టుకుంటే లోపల మెషీన్‌కు 10.0.2.15 వస్తుంది, గేట్‌వే 10.0.2.2. లిబ్‌వర్ట్ (వర్చువల్ మెషీన్లను నడిపే ఇంకో సాధనం) అయితే మామూలుగా 192.168.122తో మొదలయ్యే అడ్రస్. ఈ నంబర్లు గుర్తుంటే చూడగానే ఏ దారిలో ఉన్నామో తెలిసిపోతుంది. వర్చువల్ బాక్స్ నాట్‌లో లోపలి నుంచి బయటికి వెళ్లగలరు, బయటి నుంచి లోపలికి పోర్ట్ ఫార్వర్డ్ లేకుండా రాలేరు, అది తప్పు కాదు, దాని పద్ధతే అంత. అన్నీ పెట్టినా బయటి నుంచి రాకపోతే లోపల "ఎస్ఎస్ మైనస్ టీఎల్ఎన్‌పీ" కొట్టండి. మీ సర్వర్ 127.0.0.1 మీద వింటుంటే అది గెస్ట్ లోపలివాళ్లకు మాత్రమే పలుకుతుంది, 0.0.0.0 మీద వినేలా మార్చాలి. బ్రిడ్జ్ (గెస్ట్‌ను నేరుగా ఇంటి నెట్‌వర్క్‌లో కలిపే పద్ధతి) పెట్టారు, కేబుల్‌తో బాగుంది, వైఫైతో రావడం లేదు అంటే మీ తప్పేమీ లేదు. సాధారణంగా వైఫై యాక్సెస్ పాయింట్ తన దగ్గర నమోదైన మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు సొంత గుర్తింపు నంబరు) నుంచి వచ్చినవే తీసుకుంటుంది, మీ గెస్ట్ మ్యాక్ దానికి తెలియదు. అక్కడ నాట్ వాడుకోవడమే సుఖం. ఒకే మెషీన్‌లో డాకర్ (ప్రోగ్రాములను కంటైనర్లలో నడిపే సాధనం) ఎక్కించాక లిబ్‌వర్ట్ బ్రిడ్జ్ ఆగిపోతే, డాకర్ ఫార్వర్డ్ రూల్‌ను డ్రాప్‌గా మార్చి ఉంటుంది, అక్కడ చూడండి.

ఒక గెస్ట్‌ను క్లోన్ చేసి రెండు నడిపితే రెంటికీ ఒకే ఐపీ రావడం కూడా చూస్తారు. మ్యాక్ మార్చినా అలాగే వస్తే ఈటీసీలో మెషీన్ ఐడీ అనే ఫైలు రెండింటిలో ఒకటే ఉందేమో చూడండి, కొన్ని సిస్టమ్స్ డీహెచ్‌సీపీకి తమను పరిచయం చేసుకునేది దాన్నుంచి పుట్టిన గుర్తుతోనే. గెస్ట్ ఉన్నట్టుండి పాజ్ అయిపోతే లోపల వెతకవద్దు, హోస్ట్ డిస్క్ నిండిపోయిందేమో చూడండి. లోపల ఇంకా చోటు ఉందని కనబడుతున్నా, డిస్క్ ఇమేజ్ పెరగడానికి బయట చోటు లేకపోతే అది ఆగిపోతుంది. అసలు గెస్ట్ లేవకపోతే ప్రాసెసర్ వివరాల్లో వీఎంఎక్స్ గానీ ఎస్‌వీఎం గానీ ఉందా చూసి, లేకపోతే బయోస్‌లోకి వెళ్లి వర్చువలైజేషన్ ఆన్ చేయండి. కెర్నల్ 6.12కి మారాక వర్చువల్ బాక్స్ మొరాయిస్తే, కెర్నల్ సొంత వర్చువలైజేషన్ భాగమైన కేవీఎం మాడ్యూల్ ప్రాసెసర్‌ను ముందే తీసుకుని కూర్చుందేమో చూడండి, రెండూ ఒకేసారి కుదరవు.

ఇప్పుడు ఫోన్ చేసిన నీకు. నువ్వు చెప్పినవి మళ్లీ ఆలోచించాను. పింగ్ వెళ్తోందన్నావు, పేర్లు కూడా దొరుకుతున్నాయన్నావు, బ్రౌజర్ మాత్రం సర్టిఫికెట్ బాగోలేదంటోంది, ఆప్ట్ అప్‌డేట్ రిలీజ్ ఫైలు "నాట్ వాలిడ్ యెట్" అంటోంది. అంతకుముందు ఏం చేశావని అడిగితే, ఏడు నెలల కిందటి స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లానన్నావు (స్నాప్‌షాట్ అంటే మెషీన్ అప్పటి స్థితిని దాచిపెట్టిన కాపీ). నడుస్తున్న మెషీన్‌ను మెమరీతో సహా దాచిన స్నాప్‌షాట్ అయితే, లేచాక దాని గడియారం ఆ ఏడు నెలల కిందటి రోజు నుంచే నడుస్తూ ఉండవచ్చు. నిన్న ఇచ్చిన సర్టిఫికెట్ దానికి రేపెప్పుడో పుట్టబోయేదిలా కనబడుతుంది, అందుకే నమ్మనంటుంది. ఆప్ట్ కూడా రిలీజ్ ఫైలు మీదున్న తేదీ ఇంకా రాలేదనే అంటోంది. నెట్‌వర్క్, ప్యాకేజీలు, వర్చువల్ మెషీన్ మూడూ పాడయ్యాయని నువ్వు అనుకుంటున్నావు, నాకు ఒక్క గడియారం మీదే అనుమానం.

గెస్ట్‌లో "డేట్" అని కొట్టి హోస్ట్‌లో తేదీతో పోల్చు. తేడా ఉంటే "టైమ్ డేట్ సీటీఎల్" చూసి టైమ్ సింక్ నడుస్తోందో లేదో తెలుసుకో. టైమ్ సింక్ కోసం క్రానీ వాడుతుంటే అది కొద్దికొద్దిగా సరిచేస్తూ కూర్చుంటుంది, "క్రానీసీ మేక్‌స్టెప్" అని చెబితే ఒక్కసారే దిద్దుతుంది. తర్వాత ఇంకేమీ మార్చకుండా ఆప్ట్ అప్‌డేట్ మళ్లీ కొట్టు. తేదీ సరిగ్గానే ఉంటే నా ఊహ తప్పు, అప్పుడు వచ్చిన మెసేజ్‌ను మొదటి లైను నుంచి ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి నాకు పంపు, అక్కడినుంచి ఇద్దరం కలిసి చూద్దాం.

మీ తాతయ్య