కొత్త బేస్ గిటార్‌కి పికప్‌లు మార్చాలా? బెంచీ మీద వినే అపోహలు, చూసిన వాస్తవాలు

నల్లగొండలో క్లాక్‌టవర్ దగ్గరి సందులో నా రిపేరు బెంచీ ఉంది. కీబోర్డులు, ఆంప్లిఫయర్లు, గిటార్లు చూస్తాను. ఒకప్పుడు బేస్ గిటార్ నెలకొకటి వస్తే గొప్ప. ఇప్పుడు చర్చి క్వయర్లలో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, కాలేజీ పిల్లల బ్యాండుల్లో బేస్ లేకపోతే పాట నిండినట్టు అనిపించడం లేదు. నాకు చాలా సంతోషం. కానీ కొత్త బేస్ కొన్నవాళ్లలో చాలామంది వారం తిరగకుండానే వచ్చి అనే మాట ఒకటుంది: "అన్నా, పికప్‌లు తీసేసి వేరేవి వేయ్. కంపెనీతో వచ్చినవి దండుగంట."

పికప్‌లు మారిస్తే నాకు కూలి వస్తుంది. అయినా ముందు ఈ నాలుగు మాటలు చదివి, ఆ తర్వాత నిర్ణయించుకోమని అడుగుతున్నాను.

అపోహ: కంపెనీతో వచ్చే పికప్‌లు పనికిరావు, కొన్న రోజే మార్చాలి

పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు తిప్పిన సన్నటి రాగి తీగ. పైన స్ట్రింగ్ కదిలితే ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది, ఆంప్‌కు వెళ్లి శబ్దమయ్యేది అదే. తక్కువ ధర బేస్‌లలో ఎక్కువగా సెరామిక్ అయస్కాంతం, ఖరీదైన వాటిలో ఎక్కువగా అల్నికో, అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన మిశ్రమం వాడతారు. తేడా ఉంటుంది. కానీ సెరామిక్ అనగానే చెత్త అనుకోవద్దు, మంచి ధర పలికే సెరామిక్ పికప్‌లూ ఉన్నాయి.

నకిరేకల్ వైపు ఒక ఊరి చర్చిలో వాయించే తమ్ముడు పోయిన వేసవిలో కొత్త వాసన కూడా పోని బేస్ పట్టుకొచ్చాడు. ముందు పీ పికప్ (ప్రెసిషన్ బేస్ రకం), వెనక జే పికప్ (జాజ్ బేస్ రకం) ఉన్నది. "జీ స్ట్రింగ్ అసలే వినపడ్తలేదన్నా. పికప్‌లకు పైసలు జమ చేసిన" అన్నాడు. పీ పికప్ రెండు ముక్కలుగా ఉంటుంది. ఇ, ఏ స్ట్రింగుల కింద ఒకటి, డీ, జీ కింద ఇంకొకటి. జీ స్ట్రింగ్‌ను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, స్ట్రింగ్‌కూ పికప్‌కూ మధ్య స్కేలు పెట్టి చూశాను. 5 మిల్లీమీటర్లు దాటింది. ఇ వైపు కొలిస్తే 3కు కొంచెం లోపు. డీ, జీ ముక్క ఫ్యాక్టరీ నుంచే లోపలికి దిగి ఉంది. రెండు స్క్రూలు తిప్పి దాన్ని 2 మిల్లీమీటర్లకు లేపాను. ఆంప్‌లో పెట్టి నాలుగు స్ట్రింగులూ వరసగా మీటి చూసుకున్నాడు. మళ్లీ మీటాడు. జీ స్ట్రింగ్ మిగతా మూడింటితో సమానంగా పలికింది.

మీ బేస్‌కీ ముందు ఇదే చేయండి. ఇ వైపు రెండున్నర నుంచి 3, జీ వైపు 2 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టి, చెవితో విని అటూ ఇటూ సర్దండి. మరీ దగ్గరికి లేపితే స్ట్రింగ్ పికప్‌కు కొట్టుకుని టక్కుమంటుంది. దాంతోపాటు స్ట్రింగులు మార్చండి. కొత్త బేస్ మీద ఉన్నవి కొత్తవే అనుకోవద్దు, అవి గోడౌన్‌లో ఎన్ని నెలలు ఉన్నాయో మనకు తెలియదు. మన ఎండలకు కారే చెమటతో తొందరగా మొద్దుబారతాయి కూడా. మంచి స్ట్రింగుల సెట్టు సుమారు 2,000 రూపాయలు. మంచి పికప్‌లు దానికి ఎన్నో రెట్లు.

అపోహ: చర్చిలో, ఫంక్షన్ హాల్లో సౌండ్ మొద్దుగా వస్తోందంటే పికప్‌లే కారణం

ఆ తమ్ముడి సంగతి అక్కడితో అయిపోలేదు. రెండు వారాలకు ఫోన్ చేశాడు. "షాపుల మస్తుగుండె అన్నా, చర్చిల మళ్ల గట్లనే ఉంది." ఆదివారం ఆరాధనకు నేనే వెళ్లాను. బేస్ కేబుల్ తిన్నగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో, కీబోర్డు పక్కన గుచ్చి ఉంది. కారణం అదే.

బ్యాటరీ లేని పాసివ్ బేస్‌ను కలిపే ఇన్‌పుట్‌కు ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) 1 మెగా ఓమ్, అంటే 10 లక్షల ఓమ్‌ల దగ్గర ఉండాలి. బేస్ ఆంప్‌లు అలాగే చేస్తారు. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కు సాధారణంగా 10 వేల నుంచి 20 వేల ఓమ్‌లే. బోరు సన్నగా పోస్తుంటే నాలుగు మళ్లకూ ఒకేసారి మడవ తీసినట్టు, ఆ సన్నటి సిగ్నల్‌ను మిక్సర్ పీల్చేస్తుంది. ముందుగా పోయేది ట్రెబుల్, అంటే పై స్వరాల మెరుపు. వేలు స్ట్రింగ్‌ను తాకిన స్పష్టత, స్వరం మొదలయ్యే అంచు పోయి, మూట కొట్టినట్టు బుస్సుమనే చప్పుడు మిగులుతుంది. అక్కడ ఎంత ఖరీదైన పాసివ్ పికప్ వేసినా అదే గతి.

మందు చిన్నదే. బేస్‌కూ మిక్సర్‌కూ మధ్య యాక్టివ్ డీఐ బాక్స్, అంటే సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చే కరెంటుతో నడిచే చిన్న పెట్టె, పెట్టాలి. లేదా మిక్సర్ మీద గిటార్ గుర్తుతో హై-జెడ్ స్విచ్చు ఉంటే అది నొక్కాలి. ఆ ఆదివారం నా డీఐ బాక్స్ పెట్టి వాయించాం. ఆరాధన అయ్యాక అయ్యగారు దగ్గరికొచ్చి, "ఇయ్యాల పాటకు అడుగు దొరికింది బిడ్డా" అన్నారు. పికప్‌లకని జమ చేసిన డబ్బుతో తమ్ముడు డీఐ బాక్స్, స్ట్రింగులు, ఒక మంచి కేబుల్ కొన్నాడు. కేబుల్ విషయం కూడా గుర్తుంచుకోండి. పాసివ్ బేస్‌కు కేబుల్ పొడుగైన కొద్దీ ట్రెబుల్ తగ్గుతుంది. నాలుగైదు మీటర్లతో పని జరిగేచోట పది మీటర్లది వాడొద్దు.

అపోహ: గుర్రుమని హమ్ వస్తోందంటే పికప్ చెడిపోయినట్టే

దీని గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో ప్రాణాలకు సంబంధించిన మాట ఉంది.

మన కరెంటు 50 హెర్ట్‌జ్. బేస్‌లో ఇ స్ట్రింగ్ 41 హెర్ట్‌జ్ దగ్గర, ఏ స్ట్రింగ్ 55 దగ్గర మోగుతాయి. కరెంటు హమ్ సరిగ్గా ఆ రెండింటి మధ్య కూర్చుంటుంది. ఈక్వలైజర్‌తో దాన్ని కోస్తే మన స్వరాలే కోసుకుపోతాయి. అందుకే దాన్ని పుట్టిన చోటే పట్టుకోవాలి.

ఈ గొడవ పికప్ చేసేవాళ్లకు మొదటి నుంచీ తెలుసు. అమెరికాలో గిటార్లు చేసిన లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌లో ఒకటే కాయిల్ (తీగ చుట్ట) ఉండేది. 1957లో దాన్ని రెండు ముక్కలు చేసి, ఒకదానికి ఎదురు దిశలో చుట్టి, అయస్కాంతాలను తిరగేసి కలిపారు. దాంతో హమ్ రెండు ముక్కల్లో ఎదురెదురుగా పుట్టి కొట్టుకుపోతుంది, స్ట్రింగ్ శబ్దం మాత్రం నిలుస్తుంది. మనం పీ పికప్ అంటున్నది దాన్నే. 1960లో వచ్చిన జాజ్ బేస్‌లో రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు. ఇప్పటి జాజ్ రకం బేస్‌లలో చాలావాటికి రెండు వాల్యూమ్‌లూ సమానంగా తెరిస్తే హమ్ పోతుంది, ఒకటి తగ్గిస్తే తిరిగొస్తుంది. దాన్ని లోపమనుకుని బాగుచేయమని తెచ్చేవాళ్లున్నారు. అందులో బాగుచేయడానికి ఏమీ లేదు, సింగిల్ కాయిల్ తత్వమే అది.

మీరే చూసుకోవచ్చు. బేస్ మెడలో వేసుకుని, వాల్యూమ్ పెంచి, నిలుచున్నచోటే నెమ్మదిగా చుట్టూ తిరగండి. ఒక దిక్కుకు తిరిగితే హమ్ తగ్గి, ఇంకో దిక్కుకు పెరిగితే అది ట్రాన్స్‌ఫార్మర్, మోటారు లాంటివాటి అయస్కాంత క్షేత్రం. మిర్యాలగూడలో రైస్ మిల్లు పక్కనున్న హాల్లో ఇది నా చెవులతో విన్నాను. మిల్లు మోటారు స్టార్ట్ కాగానే సింగిల్ కాయిల్ గుర్రుమంది, పీ పికప్‌కు మార్చగానే చాలావరకు తగ్గింది. ఇలాంటిదాన్ని బేస్ లోపల అతికించే రాగి టేపు ఆపలేదు. చేతితో స్ట్రింగులు తాకగానే తగ్గే జిర్రు వేరే రకం, దానికైతే రాగి టేపు బాగా పనిచేస్తుంది. తాకితే తగ్గడం బ్రిడ్జి (స్ట్రింగుల చివర్లను పట్టుకునే లోహపు ముక్క) కింది ఎర్త్ వైరు సరిగ్గా ఉందనడానికి గుర్తు. తాకితే పెరిగితే ఆ వైరు తెగిందో, జాక్ దగ్గర వైర్లు తారుమారయ్యాయో చూడాలి.

అసలు భయం హాలు వైరింగుతో. పల్లెల్లో చాలాచోట్ల సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక ఎర్త్ ఉండదు. హమ్ పోవడానికని ఆంప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. మీ స్ట్రింగులు బ్రిడ్జి గుండా, కేబుల్ గుండా ఆంప్ ఛాసీకి, అంటే దాని లోహపు చట్రానికి, కలిసి ఉంటాయి. ఆంప్ లోపల ఏదైనా తేడా వచ్చిందంటే, చేతిలో స్ట్రింగులు పట్టుకుని మైకుకు పెదవి ఆనించినవాడికే షాక్ తగులుతుంది. పెదవికి చురుక్కుమంటే పాట ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. జనరేటర్ మీద నడిచే ప్రోగ్రాముల్లో ఇంకా జాగ్రత్త అవసరం.

అపోహ: ఓమ్స్ ఎక్కువ ఉన్న పికప్‌కు పవర్ ఎక్కువ

మల్టీమీటర్ పెట్టి "అన్నా, ఇది 7 కిలో ఓమ్స్, అది 11, అదే గట్టిది కదా" అంటారు. మీటర్ చూపేది తీగ నిరోధం మాత్రమే. తీగ సన్నగా ఉంటే, చుట్లు పెరగకుండానే అంకె పెరుగుతుంది. ఇంకొక సంగతి: రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల ఏసీ గదిలో 10 కిలో ఓమ్స్ చూపిన పికప్‌నే మే నెల నల్లగొండలో, 42 డిగ్రీల్లో కొలవండి, 10.8 దాటుతుంది. దాని పవరేమీ పెరగలేదు. ఒకే కంపెనీ ఒకే మోడల్ రెండింటిని పోల్చడానికి, తెగిన కాయిల్‌ను కనిపెట్టడానికి ఈ కొలత మంచిది. పికప్ కొనడానికి మాత్రం ఇదొక్కటే చూడొద్దు.

అపోహ: బ్యాటరీ ఉన్న బేస్‌లో పికప్‌లు యాక్టివ్ రకం

చాలా బేస్‌లలో పికప్‌లు మామూలు పాసివే, 9 వోల్టుల బ్యాటరీ వాటి వెనకున్న ప్రీఆంప్‌కు, అంటే సిగ్నల్‌ను పెంచే చిన్న సర్క్యూట్‌కు. సౌండ్ కరకరలాడితే పికప్ మీద అనుమానం పెట్టుకునే ముందు బ్యాటరీ మార్చి చూడండి. వాయించడం అయ్యాక కేబుల్ పీకేయండి, గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది.

అపోహ: పికప్ మారిస్తే రికార్డుల్లో విన్న సౌండే వస్తుంది

పికప్ స్ట్రింగ్ పొడవునా ఏ చోట కూర్చుందన్నది దాని రకం కన్నా తక్కువ విషయమేమీ కాదు. నమ్మకం కుదరకపోతే వేళ్లను నెక్ వైపు నుంచి బ్రిడ్జి వైపుకు 5 సెంటీమీటర్లు జరిపి మీటి వినండి. కొన్ని పికప్‌ల మార్పులో కూడా అంత తేడా నేను వినలేదు.

మరి ఎప్పుడు మార్చాలి?

ఇవన్నీ సర్దుకున్నాక కూడా సింగిల్ కాయిల్ హమ్ రికార్డింగును పాడుచేస్తుంటే, అదే సైజులో హమ్ రాని రకం వేయించుకోండి, ఆ డబ్బు వృథా పోదు. వాల్యూమ్ పెంచగానే పికప్ కీచుమంటూ, దాని మూత మీద గోరుతో కొడితే స్పీకర్లో టకటకమంటుంటే కాయిల్ చుట్లు వదులయ్యాయి, మైనం పట్టించాలి లేదా మార్చాలి. స్ట్రింగు పికప్ పోల్స్ (పైన కనిపించే అయస్కాంతపు బొడిపెలు) మధ్య నుంచి కాక పక్కకు పోతుంటే, ఎత్తు ఎంత సర్దినా సమం కాకపోతే, అప్పుడూ మార్చాల్సిందే. కొనేముందు కొలతలు తీసుకోండి. మామూలు జాజ్ సెట్టులో బ్రిడ్జి వైపు పికప్ నెక్ వైపుదానికన్నా రెండు మిల్లీమీటర్ల పైచిలుకు పొడవు ఉంటుంది. కొన్ని బేస్‌లలో రెండూ ఒకటే సైజు. సరిపోలేదని ఉలితో చెక్క తొలిచి తెచ్చిన బేస్ ఒకటి నా దగ్గరికొచ్చింది. ఆ చెక్క మళ్లీ పూడ్చాల్సి వచ్చింది. వారంటీ ఉన్న బేస్ అయితే, సోల్డరింగ్ చేస్తే అది పోతుందేమో షాపులో ముందే అడగండి. తీసిన పికప్‌లను పారేయకుండా డబ్బాలో పెట్టి దాచండి, అమ్మేటప్పుడు అడుగుతారు.

అపోహ: రెండు వైర్లే కదా, ఎవరైనా అతికించొచ్చు

నేర్చుకుంటే ఎవరైనా చేయొచ్చు, అది నిజమే. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, ఒక పికప్ మూత గట్టిగా ఉందని కింద నుంచి స్క్రూడ్రైవర్ పెట్టి లేపాను. చిటుక్కున చిన్న చప్పుడు వినిపించింది. మీటర్ పెడితే ఓపెన్. కాయిల్ తీగ మందం 0.06 మిల్లీమీటర్ల చిల్లర, వెంట్రుక అంత. ఎక్కడ తెగిందో లెన్స్‌తో ఒక పూటంతా వెతికాను, చివరికి బయటి చుట్టులోనే దొరికింది కాబట్టి అతికించగలిగాను. లోపలి చుట్టయితే మొత్తం తిరిగి చుట్టాల్సి వచ్చేది. ఆ రోజు నుంచి విప్పే ముందు, అతికించే ముందు, అతికించాక మూడుసార్లు మీటర్ పెడతాను.

పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే భాగం) వెనక అతికించేటప్పుడు సోల్డరింగ్ ఐరన్‌ను చాలాసేపు ఆనించి ఉంచొద్దు, లోపలి ట్రాక్ కాలిపోతుంది. మొన బాగా వెడల్పుగా, వేడిగా ఉంటే రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. ఒక పికప్ పాతది ఉంచి ఇంకొకటి మాత్రం మారుస్తుంటే ఫేజ్, అంటే రెండింటి సిగ్నళ్లు ఒకే దిశలో ఉన్నాయా అన్నది, చూడండి. రెండూ కలిపి తెరిచినప్పుడు సౌండ్ సన్నబడి, కింది స్వరాల బరువంతా ఎటో పోయినట్టుంటే, ఒకటి ఎదురు ఫేజులో ఉంది. ముల్లు ఉండే పాత అనలాగ్ మీటర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. దాని ప్రోబులు పికప్ వైర్లకు కలిపి, స్క్రూడ్రైవర్ మొనను పికప్ పోల్‌కు అంటించి చటుక్కున పీకండి. ముల్లు ఏ వైపు ఎగిరిందో గుర్తుపెట్టుకుని, రెండో పికప్‌కూ అలాగే చేయండి. రెండింటికీ ముల్లు ఒకే వైపు ఎగరాలి. ఎదురు వైపు ఎగిరితే కొత్తదాని రెండు వైర్లు ఒకదాని చోట ఒకటి మార్చి అతికించండి. లోహపు మూత ఉన్న పికప్ అయితే, ఆ మూత ఎర్త్ వైరుకే కలిసి ఉందో లేదో చూసుకున్నాకే ఆ మార్పు చేయండి.